చెరువు పోషణ - పల్లె పాలన: ఒక చారిత్రక పరిశీలన

కడప జిల్లాలోని పోరుమామిళ్లలో శాలివాహన శకం 1291, అనగా క్రీ.శ. 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉంది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి సీమను పాలించిన భాస్కర భవదూరుడు అక్కడ అనంతరాజసాగరమనే తటాకాన్ని కట్టించిన సందర్భంలో వేయించిన శాసనమిది. రాజవంశ కీర్తనం, దానఫలశ్రుతి వంటి పరిపాటి అంశాలు ఇందులోనూ ఉన్నాయి. కాని ఈ శాసనానికి ఖ్యాతి వచ్చింది వాటి వల్ల కాదు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలను, చెరువును చెరిపే ఆరు దోషాలను ఇది క్రమంగా పేర్కొన్నది.

ధర్మబుద్ధి గల ప్రభువు మొదటి సాధనం. జలశాస్త్రం తెలిసిన పండితుడు రెండవది. గట్టి బంకనేల, మూడు యోజనాల దూరం నుంచి తీయని నీరు తెచ్చే ఏరు, కొండల నడుమ అతిదీర్ఘం కాని రాతికట్ట, నిడుపైన రాళ్లు దొరికే గని, చుట్టూ పండే సమతలమైన పొలాలు, చివరకు పనితనం గల కూలీల బృందం - ఇలా సాగుతుంది ఆ జాబితా. రెండేళ్ల పాటు దినదినమూ వెయ్యి మంది కూలీలు కట్ట మీద పనిచేశారని, రాళ్లు మోయడానికి వంద బండ్లు తిరిగాయని కూడా శాసనం చెబుతున్నది.

దోషాలలో కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ మిట్ట ఉండటం, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం అనే అయిదూ ఏ ఇంజనీరైనా చెప్పగలిగినవే. మిగిలిన ఒక దోషం మాత్రం వేరు జాతికి చెందినది. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటమే ఆ దోషం. ఇది మట్టికీ రాతికీ సంబంధించినది కాదు, పాలనకు సంబంధించినది. నీటి మీద అధికారం రెండు చేతులలో ఉంటే కట్ట ఎంత గట్టిదైనా నిలవదని పద్నాలుగో శతాబ్దపు శాసనకర్త గ్రహించాడు. ఆ తరువాతి ఆరువందల యాభై ఏళ్ల చరిత్రను ఈ ఒక్క మాట వెలుగులో చదవవచ్చు.

చెరువు కట్టడం రాజుల, సామంతుల, వణిజుల కీర్తికార్యం. కాకతీయుల కాలంలో పాకాల, రామప్ప, లక్నవరం, గణపురం చెరువులు వెలిశాయి. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారం చెరువు త్రవ్వించి వేయించిన శాసనం కాకతీయ వంశచరిత్రకే ముఖ్యాధారమైంది. అయితే కట్టడం ఒక ఎత్తు, నిలుపుకోవడం మరొక ఎత్తు. ప్రతి వానాకాలం తరువాత కట్ట జారుతుంది, తూము కదులుతుంది, ఏటేటా ఒండ్రు చేరుతుంది. ఆ నిత్యపోషణ బాధ్యత రాజధానిలో కూర్చున్న ప్రభువుది కాదు, ఊరిది. ఊరికి ఆ శక్తి ఎక్కడిదన్నదే చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్న.

దీనికి తెలుగు శాసనాలు ఇచ్చే సమాధానాలలో ముఖ్యమైనది దశబంధం. చెరువు కట్టిన వానికో, బాగుచేసే వానికో ఆ చెరువు క్రింది భూమిలో గాని పంటలో గాని కొంత భాగం, పేరును బట్టి పదవ వంతు, విడిచిపెట్టేవారు. మరమ్మతు మానితే ఆ భోగం మీద హక్కు నిలవదు. దీనికి తోడు కళ్లంలో ధాన్యరాశి పంచే ముందే ఊరి సేవకులకు మేరలు తీసేవారు. తూములు ఎత్తి దించి, ఏ మడికి ఎంత నీరు, ఎన్ని జాములు అని చూసే నీరుగంటికి (తెలంగాణలో నీరటికాడు) ఆ రాశిలోనే పాలు ఉండేది. అంటే పంట పండితేనే అతనికి గింజ. చివరి మడి ఎండిపోతే ముందుగా నష్టపోయేవారిలో అతనూ ఒకడు. వేసవిలో చెరువు ఎండగానే రైతులు బండ్లు కట్టి ఒండ్రుమట్టిని పొలాలకు తోలుకునేవారు. చెరువుకు పూడిక తీరింది, పొలానికి ఎరువు దక్కింది. ఈ రెండు పనులకూ వేరువేరు పద్దులు అవసరం కాలేదు.

తమిళదేశంలో ఇదే బాధ్యతను సభలు వహించాయి. మొదటి పరాంతక చోళుని కాలంలో, క్రీ.శ. 919, 921 సంవత్సరాలలో చెక్కిన ఉత్తరమేరూరు శాసనాలు ఓటు పత్రాలను కుండలో వేసి తీసే పద్ధతిని వర్ణించినందువల్ల ప్రజాస్వామ్య చరిత్రలో తరచు ఉదాహృతమవుతున్నాయి. ఆ సభకు సంవత్సర వారియం, తోట వారియం, ఏరి వారియం అనే ఉపసంఘాలు ఉండేవి. ఏరి అంటే చెరువు. మొదటి రెండింటికీ పన్నెండేసి మంది, చెరువు సంఘానికి ఆరుగురు. పదవిలో ఉండి లెక్క చెప్పనివాడే కాదు, అతని దగ్గరి బంధువులు సైతం మరల ఎన్నికకు అనర్హులని శాసనం విధించింది. ఎన్నికల పద్ధతిని మెచ్చుకునేవారు ఈ లెక్కల నిబంధనను అంతగా ప్రస్తావించరు. చెరువుకు సంబంధించినంతవరకు అదే ప్రధానం.

ఈ ఏర్పాట్లను స్వర్ణయుగంగా భావించనక్కరలేదు. ఉత్తరమేరూరు సభ భూస్వాములైన బ్రాహ్మణులది. స్త్రీలకు, కూలికి వచ్చినవారికి అందులో చోటు లేదు. కట్ట మీద చాకిరీలో వెట్టి ఎంతో ఉండేది. తూము కాపలా కాచిన నీరుగంటి తరచు ఊరి వెలుపలి వాడలోనే నివసించాడు. అయినా ఒక విషయం స్పష్టం. చెరువు వల్ల వచ్చే రాబడి, చెరువును చూసే బాధ్యత ఒకే ఊరిలో, ఒకే లెక్కలో ఉండేవి.

ఈ ముడి విప్పినది కంపెనీ పాలన. మద్రాసు రాజధానిలో రైత్వారీ బందోబస్తు స్థిరపడిన పిమ్మట ప్రభుత్వం ఒక్కొక్క రైతుతో వేరుగా లెక్క కుదుర్చుకున్నది. శిస్తు నగదు రూపంలో ఖజానాకు చేరింది. ఉమ్మడి రాశి పోవడంతో మేరల బలమూ సడలింది. 1856లో బేర్డ్ స్మిత్ అనే ఇంజనీరు రాజధానిలోని పద్నాలుగు జిల్లాలలో యాభై మూడు వేల చెరువులు ఉన్నాయని, వాటి కట్టలను చేర్చి కొలిస్తే ముప్పై వేల మైళ్లని అంచనా వేశాడు. ఇంతటి వ్యవస్థను ప్రజాపనుల శాఖ దూరం నుంచి చూడగలగడం అసంభవం. అప్పుడు ప్రభుత్వానికి ఊరి ఆచారం గుర్తుకు వచ్చింది. రైతుకు 'కుడి' అనే తమిళపదం, బాగుచేతకు 'మరమ్మత్' అనే అరబ్బీ మూలపదం కలిసి 'కుడిమరమ్మతు' అయింది. 1858 నాటి మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం ఆ ఆచారాన్ని శాసనంగా మార్చి, హాజరుకాని రైతు తన శ్రమ విలువకు రెట్టింపు సొమ్ము చెల్లించాలని విధించింది.

ఇదే తంతు సముద్రానికి ఆవల సింహళంలో అప్పటికే జరిగింది. అక్కడి బ్రిటిష్ ప్రభుత్వం 1832లో రాజకారియ అనే సేవావిధిని రద్దుచేసింది. నిర్బంధం తొలగడం మంచిదే. కాని దానితోపాటు ఊరి చెరువులను చూసే ఉమ్మడి కట్టుబాటు కూడా కూలిపోయింది. 1856లో నీటిపారుదల శాసనం తెచ్చి పాత గ్రామాచారాలను పునరుద్ధరించవలసి వచ్చింది. రెండుచోట్లా పాలకులు చేసినది ఒకటే. రాబడి తమ వద్ద ఉంచుకుని శ్రమను మాత్రం ఊరికి వదిలారు. ఉభయత్రా ఫలితం స్వల్పమే.

1876-78 నాటి మహాక్షామం తరువాత 1883లో మద్రాసు ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణ పథకాన్ని ఆరంభించింది. ఇంజనీర్లు ఒక్కొక్క పరీవాహక ప్రాంతాన్నే తీసుకుని ప్రతి చెరువు కట్ట ఎత్తు, తూము అంచు, అలుగు నిడివి కొలిచి నమోదు చేశారు. ఆ వివరణ పత్రాలు పాలనాసాహిత్యంలో మెచ్చదగిన రచనలు. అంతకు ముందటి ఏడాదే, 1882 మేలో, రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానం వెలువడింది. 1884లో మద్రాసు లోకల్ బోర్డుల చట్టం వచ్చింది. ఒకే పల్లెకు ఒకే దశాబ్దంలో దక్కిన ఈ రెండు కానుకలు ఒకదానితో ఒకటి పలకరించుకోలేదు. బోర్డులకు రోడ్లు, పాఠశాలలు, పారిశుద్ధ్యం అప్పగించారు. చెరువు మాత్రం శాఖల వద్దనే మిగిలింది.

స్వాతంత్ర్యానంతరం ఈ విభజన మరింత ముదిరింది. ఆంధ్రప్రదేశ్‌లో నూరు ఎకరాల లోపు ఆయకట్టు గల చెరువులను పంచాయతీరాజ్ శాఖ పరిధిలోనూ, ఆపై వాటిని నీటిపారుదల శాఖ పరిధిలోనూ ఉంచారు. కాగితం మీద ఇది సబబుగానే ఉంది. కాని తెలంగాణ, రాయలసీమ చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. ఎగువ కుంట అలుగు పారితే దిగువ చెరువు నిండుతుంది. ఒకే గొలుసులో ఎగువ కుంట ఒక శాఖది, దిగువ చెరువు మరొక శాఖది అయింది. శిఖం భూమి రెవెన్యూ శాఖది. చేపలు మత్స్యశాఖ పర్యవేక్షణలోని సహకార సంఘాలవి. పోరుమామిళ్ల శాసనం చెప్పిన సరిహద్దు దోషం రాజ్యాలు పోయినా ఒక్క కట్ట మీదనే మరల ప్రత్యక్షమైంది. ఇంతలో బోరుబావులు వచ్చాయి. మోటారు ఉన్న రైతుకు తూము ఎప్పుడు ఎత్తుతారన్న చింత తగ్గింది. రసాయనిక ఎరువు దుకాణంలో దొరికాక ఒండ్రు తోలే బండ్లు ఆగిపోయాయి. నీరటి పేరు గ్రామసేవకుల జాబితాలో మిగిలింది గాని, అతని పని కట్ట నుంచి కచేరీకి మారింది. ఊరికి మిగిలిన అనుబంధమల్లా కట్ట మైసమ్మ మొక్కు, బతుకమ్మను నీట విడిచే సాయంత్రం. అవీ లేకుంటే ఎన్నో చెరువుల ఆనవాలు ఇంకా ముందే చెదిరి ఉండేదేమో.

1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పదకొండవ షెడ్యూలులో 29 విషయాలను పంచాయతీలకు ఉద్దేశించింది. చిన్నతరహా నీటిపారుదల, జలనిర్వహణ, వాటర్‌షెడ్ అభివృద్ధి అందులో మూడవ అంశం. కాని ఆ బదిలీ రాష్ట్రాల విచక్షణకు లోబడినది. 1997లో ఆంధ్రప్రదేశ్ రైతుల ద్వారా నీటిపారుదల వ్యవస్థల నిర్వహణ చట్టం తెచ్చి, అదే ఏడాది పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిపింది. రైతుకు అధికారమివ్వడంలో అది సాహసోపేతమైన అడుగు. అయితే ఆ సంఘాలు పంచాయతీకి వెలుపల నిలిచాయి. ఓటు ఆయకట్టు రైతుకే. చేపలు పట్టేవారికి, గొర్రెలు తోలుకువచ్చేవారికి, రేవులో బట్టలుతికేవారికి ఆ నీటిపై నిర్ణయాధికారం లేదు. ఒక చెరువుకు ఎన్నికైన సంస్థలు రెండయ్యాయి, రెండింటికీ సొంత రాబడి అంతంతమాత్రమే.

తిరుపతి సమీపంలోని అవిలాల, పేరూరు చెరువుల కథ దీని పర్యవసానం. ఆ చెరువుల గర్భంలోని భూములను 1990 దశకారంభంలో గృహనిర్మాణానికి కేటాయించడంపై సాగిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2006లో తీర్పు చెప్పింది. ప్రకృతి సంపదకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనన్న సూత్రాన్ని అందులో గట్టిగా వక్కాణించింది. కాని అప్పటికే ఇళ్లు లేచాయి. ఇకపై కట్టడాలు వద్దని, వాననీటిని భూమిలో ఇంకించే ఏర్పాట్లు చేయాలని ఆదేశించడం తప్ప పూర్తి చెరువును తిరిగి తేవడం న్యాయస్థానానికీ సాధ్యపడలేదు. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో అదే న్యాయస్థానం ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే పథకాలు రూపొందించవలసిందిగా రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది.

దీనికి భిన్నమైన ఉదాహరణలు దేశంలో లేకపోలేదు. మహారాష్ట్రలోని హివ్రే బజార్ గ్రామంలో 1990 దశకం నుంచి గ్రామసభే నీటి లెక్క చూస్తున్నది. ఆ ఏడు కురిసిన వానను బట్టి ఏ పంట వేయాలో ఊరే తీర్మానిస్తుంది. సాగుకు బోరు వేయడం నిషిద్ధం. ఆంధ్రప్రదేశ్‌లో రైతుల భూగర్భజల నిర్వహణ పథకం ఏడు కరవు జిల్లాలలో రైతులకే వానమానినీ, బావి నీటిమట్టం కొలతనూ నేర్పింది. పంటకాలానికి ముందు ఊరి నడుమ నీటి బడ్జెట్ వేయించింది. నీరుగంటి ఒక్కడే ఎరిగిన లెక్క ఈసారి అందరి కళ్లముందు గోడ మీదికి ఎక్కింది. పథకపు నిధులు ముగిశాక ఆ కొలతలు కొనసాగించే బాధ్యతకు మాత్రం శాశ్వతమైన ఆధారం ఏర్పడలేదు.

2015 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయను ఆరంభించి, 46 వేలకు పైగా చెరువులను దశలవారీగా పునరుద్ధరించ సంకల్పించింది. పూడికమట్టిని రైతులు సొంత ఖర్చుతో పొలాలకు తోలుకోవడం దానిలోని మేలైన అంశం. దశాబ్దాల క్రితం ఆగిన బండ్లు ట్రాక్టర్లై తిరిగివచ్చాయి. అయితే పని నడిచింది నీటిపారుదల శాఖ చేతి మీదుగా. తీసిన పూడిక ఒక ఏటిది. మరుసటి వాన మరికొంత ఒండ్రు తెస్తుంది. దానిని ఎవరు, ఏ సొమ్ముతో తీస్తారన్నది పథకం ముగిసినప్పుడు అడగవలసిన ప్రశ్న కాదు, ఆరంభంలోనే తేలవలసినది.

2023లో వెలువడిన తొలి జాతీయ జలవనరుల గణన దేశంలో 24,24,540 నీటి వనరులను లెక్కించింది. వాటిలో 97 శాతానికి పైగా గ్రామాలలోనే ఉన్నాయి. ప్రజాయాజమాన్యంలో ఉన్నవాటిలో అత్యధికం పంచాయతీలవే. 2021-26 కాలానికి పదిహేనవ ఆర్థిక సంఘం స్థానిక సంస్థలకిచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని ప్రత్యేకించి పారిశుద్ధ్యానికి, తాగునీటికి, వాననీటి సంరక్షణకు ముడిపెట్టింది. సొమ్ముకూ నీటికీ మధ్య తెగిన ముడిని తిరిగి వేసే యత్నంగా దీనిని చెప్పుకోవచ్చు. కాని చేపల వేలం రాబడి, శిఖం సరిహద్దు రాళ్లు, తూము తాళం ఒకే గ్రామసభ లెక్కలోకి వచ్చిన ఊళ్లు ఇంకా వేళ్ల మీద లెక్కించదగినవే. పోరుమామిళ్ల చెరువు మాత్రం నేటికీ నీరు పట్టుతున్నది.