శకర్‌ఖేడా విజయము – ఢిల్లీ ఫర్మానా

నిర్మల నుండి ఇచ్చోడ మీదుగా ఆదిలాబాదునకు పోవు బాటను పట్టి ఉత్తరమునకు సాగినచో పెన్‌గంగ కావల బేరారు దేశము తగులును. దక్కను భాగ్యమును రెండు శతాబ్దములకు పైగా అసఫ్‌జాహీ వంశముతో ముడివేసిన యుద్ధము 1724 అక్టోబరులో ఆ బేరారునందలి శకర్‌ఖేడా యొద్దనే జరిగెను.

విజేత మీర్ కమరుద్దీన్ ఔరంగజేబు కొలువున పెరిగినవాడు. అతని తాత 1687 గోలకొండ ముట్టడిలో గాయపడి మరణించెను. 1713లో మొగలు పాదుషా ఫరూఖ్‌సియర్ అతనికి నిజాముల్ముల్క్ బిరుదమును, దక్కను సుబేదారీని ఒసగి, 1715లో ఆ పదవిని సయ్యదు సోదరులలో ఒకనికి మార్చెను. 1722లో మహమ్మదుషాకు వజీరయ్యును, దర్బారు కుతంత్రముల నడుమ ఇమడజాలక, వేట నెపమున రాజధాని విడిచి దక్షిణమునకు మరలెను. అతనిని అణచుటకై ఢిల్లీ లోలోపల పురికొల్పిన ముబారిజ్‌ఖానుడు శకర్‌ఖేడాలో హతుడు కాగా, నిజాము ఆ శిరస్సును పాదుషాకే పంపి, ప్రభువునకు విజయము కలిగినదని అభినందించెనట! ఇంతకు మించిన వినయము, ఇంతకు మించిన ధిక్కారము ఒకే లేఖలో ఇముడుట అరుదు. మరుసటి యేడు మహమ్మదుషా గత్యంతరము లేక సుబేదారీని స్థిరపరచి, ఆసఫ్ జా బిరుదమును గూడ అనుగ్రహించెను.

జపానులో తొకుగవ ఇయెయాసు సైతము 1600లో యుద్ధమున గెలిచిన అధికారమునకు 1603లో చక్రవర్తి చేత షోగన్ పదవి రూపమున ఆమోదము పొందెను. కాని అతని వంశము రాజసభను శాసనములతో కట్టడి చేసి, 1620లో చక్రవర్తికి పిల్లనిచ్చి వియ్యమందినది. నిజామునకు అట్టి బంధుత్వముతో పనిలేకపోయెను. ఢిల్లీకిని దక్కనుకును నడుమనున్న దూరమే అతనికి చాలెను.

అట్లైనచో స్వతంత్రుడనని ఏల చాటుకొనలేదు? మరాఠాలు చౌతు పన్ను కోరుటకు గూడ ఢిల్లీ ఫర్మానాయే ఆధారము. ఆ ముద్రను కాదన్నవానికి అదే ముద్రను అడ్డముగా పట్టు వీలుండదు. మరాఠా గద్దెకు పోటీదారులైన సాహు, సంభాజీలలో నిజమైన వారసుడెవడో తేలువరకు చౌతు చెల్లింపనని మడతపేచీ పెట్టినది పాదుషా ప్రతినిధి హోదాతోనే. ఆ ఎత్తు 1728లో పాల్‌ఖేడ్ వద్ద బాజీరావు ముందు పారలేదనుట వేరు సంగతి.

1748లో అతడు గతించిన పిదపను నిజాముల నాణెములపై మొగలు పాదుషా పేరే నిలిచెను. 1857 తిరుగుబాటు పిమ్మట ఢిల్లీలో పాదుషాయే లేకుండ పోగా, ఆ చోట ముద్రించిన పేరు ఆసఫ్ జా. అదియు పాదుషా ఇచ్చినదే.