గని కార్మికులు చదివిన స్వరాలు

1872 జులైలో దక్షిణ వేల్స్ నుంచి సుమారు 460 మంది గాయకులు రైలెక్కి లండన్ వచ్చారు. వాళ్ళలో చాలామంది బొగ్గు గనుల్లో, ఇనుప కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళూ, వాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళూ. క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగే సంగీత పోటీలో పాడటానికి వచ్చారు. బహుమతి వెయ్యి గినీల కప్పు. ఆ ఏడాది వాళ్ళకి పోటీగా ఏ బృందమూ నిలబడలేదు, కప్పు వాళ్ళకే ఇచ్చారు. ఎదురు లేని గెలుపు ఏం గెలుపు అనుకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మరుసటి ఏడాది మళ్ళీ వచ్చారు. ఈసారి జోసెఫ్ ప్రౌడ్‌మన్ నడిపించే లండన్ బృందం బరిలో ఉంది. ఈసారి కూడా వీళ్ళే గెలిచారు.

వేల్స్‌లో ఈ బృందాన్ని 'కోర్ మౌర్' అంటారు. పెద్ద బృందం అని అర్థం. నడిపించినవాడు గ్రిఫిత్ రీస్ జోన్స్, అందరికీ తెలిసిన పేరు కరాడోగ్. కమ్మరి పని నుంచి వచ్చినవాడు, వయొలిన్ వాయిస్తాడు. అబర్‌డేర్ ఊరి కూడలిలో 1920లో పెట్టిన ఆయన విగ్రహం ఇప్పటికీ ఉంది.

ఈ కథని సాధారణంగా గెలుపు దగ్గరే ఆపుతారు. నాకు మాత్రం దానికి ముందు నెలల మీదే ఆసక్తి. కచేరీ ఒక్క సాయంత్రం. దాని వెనక ఉండే తయారీ సంగతేమిటి? రోజంతా భూమి కింద పనిచేసే మనుషులు, వేర్వేరు లోయల్లో, వేర్వేరు ఊళ్ళలో ఉండేవాళ్ళు, నాలుగు వరుసల్లో పాడాల్సిన కష్టమైన పాటల్ని ఎలా నేర్చుకున్నారు?

నాలుగు వరుసలంటే ఏమిటో ఒక్క మాట. మన భజనలో అందరం ఒకే వరుస పాడతాం. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. చెవి ఉంటే చాలు. క్వయర్‌లో అలా కాదు. సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని నాలుగు గుంపులు ఒకే సమయంలో నాలుగు వేర్వేరు వరుసలు పాడతాయి. ఆల్టో వరుస విడిగా వింటే చాలాసార్లు పాటలాగే ఉండదు. పక్కవాళ్ళ పాట విని అందుకున్నారా, ఇక మీ వరుస పోయినట్టే. అందుకే క్వయర్‌కి కాగితం కావాలి, ఆ కాగితం మీద ఉన్నది చదవడం రావాలి.

ఐదు గీతల మీద చుక్కలు పెట్టే స్టాఫ్ నొటేషన్ అప్పటికే ఉంది. కానీ అది నేర్చుకోవాలంటే టీచరు కావాలి, తీరిక కావాలి, ఇంట్లో పియానో ఉంటే ఇంకా మంచిది. గని కార్మికుడి ఇంట్లో అవేవీ ఉండవు.

ఈ చిక్కుముడి విప్పింది సారా గ్లోవర్ అనే టీచరమ్మ. నార్విచ్‌లో పిల్లలకి పాటలు నేర్పేది. గీతలూ చుక్కలూ పక్కన పెట్టి, స్వరాల పేర్లలోని మొదటి అక్షరాలతోనే పాట రాసే పద్ధతి ఒకటి తయారుచేసి, 1835లో పుస్తకంగా అచ్చువేయించింది. 1841లో హల్ నగరంలో సండే స్కూల్ టీచర్ల సమావేశం జరిగింది. జాన్ కర్వెన్ అనే యువ పాస్టరుకి అక్కడ ఒక పని అప్పగించారు: మామూలు జనానికి పాట నేర్పడానికి అన్నిటికన్నా తేలికైన దారేదో వెతికి పెట్టమని. ఆయన గ్లోవర్ పుస్తకాన్ని పట్టుకుని, తనకి తోచిన మార్పులు చేసి, దానికి 'టానిక్ సోల్ఫా' అని పేరుపెట్టి ఊరూరా తిప్పాడు. పేరు ఆయనకే ఎక్కువ దక్కింది. ఇలాంటివి మన రంగంలో కూడా చూస్తూనే ఉంటాం లెండి.

పద్ధతి తెలుగువాళ్ళకి చెప్పడం చాలా సులువు. మన 'స' ఒక స్థిరమైన ధ్వని కాదు కదా. పాడేవాళ్ళు శ్రుతి ఎక్కడ పెట్టుకుంటే అక్కడ 'స'. మిగతా స్వరాలన్నీ దాన్నిబట్టి కూర్చుంటాయి. టానిక్ సోల్ఫాలో 'డొ' కూడా అంతే. డొ, రె, మి, ఫా, సొ, లా, టి. ఒక్కోదానికి ఒక్క అక్షరం. తాళానికి మామూలు విరామ చిహ్నాలు: కోలన్, ఫుల్‌స్టాప్, అడ్డగీత. ఏ ఊళ్ళో ప్రెస్సులోనైనా ఉండే అచ్చు అక్షరాలే ఇవి. అందుకని పాటల కాగితాలు చవకగా వచ్చేవి. నేర్పడానికి కూడా ఖరీదైన సరంజామా అక్కర్లేదు. గోడకి ఒక పటం వేలాడదీసి, బెత్తంతో ఒక్కో స్వరం చూపిస్తుంటే గుంపంతా పాడుతుంది. స్వరానికొక చేతి సైగ కూడా ఉంది. కర్వెన్ దీనికి పరీక్షలు పెట్టాడు, సర్టిఫికెట్లు ఇచ్చాడు, పత్రిక నడిపాడు, హాండెల్ 'మెసయా' లాంటి పెద్ద రచనల్ని ఆ అక్షరాల్లో అచ్చువేయించాడు.

ఈ పద్ధతి ఇంగ్లండ్ కన్నా వేల్స్‌లో లోతుగా నాటుకుంది. దానికి ఒక నేపథ్యం ఉంది. వేల్స్‌లో చదువుల పరిస్థితి ఎలా ఉందో చూసి రమ్మని లండన్ ప్రభుత్వం ముగ్గురిని పంపింది. ముగ్గురూ ఇంగ్లీషువాళ్ళే, వెల్ష్ భాష రానివాళ్ళే. 1847లో వాళ్ళిచ్చిన నివేదిక వెల్ష్ భాష అభివృద్ధికి అడ్డంకి అంది, జనం నీతి కూడా బాగోలేదంది. ఆ నివేదిక సంపుటాలకి నీలి అట్టలు. 'నీలి పుస్తకాల ద్రోహం' అని వేల్స్‌లో ఈనాటికీ ఆ గాయాన్ని తలుచుకుంటారు. మీ భాష పనికిరాదు, మీరు మొరటువాళ్ళు అని ప్రభుత్వ ముద్రతో చెప్పించుకున్న జనం అది. అలాంటి జనానికి పాట అనేది పొద్దుపోక చేసే పని కాదు, ఒక జవాబు. 1859లో అబర్‌డేర్‌లో ఐయాన్ గ్విల్ట్ మొదలుపెట్టిన సామూహిక గాన సభలూ, ఊరూరా ఉన్న చాపెళ్ళూ ఈ అక్షరాలకి నీళ్ళు పోశాయి. ఎలియేజర్ రాబర్ట్స్ ఈ పద్ధతిని వెల్ష్‌లోకి తెచ్చాడు. సంగీతం చదవడమనేది తమ భాషలో, తమ గుళ్ళో, పని దిగివచ్చాక నేర్చుకునే విద్య అయింది.

సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు ఈ తయారీలో బాగా నచ్చేది దాని నిర్మాణం. కరాడోగ్ ఒక్కడే 460 మందికి పాట నేర్పలేదు, అది అయ్యే పని కాదు. ఏ లోయవాళ్ళు ఆ లోయలో, తమ స్థానిక నాయకుల దగ్గర సాధన చేశారు. అందరూ కలిసి పాడే రిహార్సళ్ళు ఆ తర్వాత. ప్రతి చోటా ఒకే కాగితం, దాన్ని చదవగలిగే మనుషులు ఉండటం వల్లే ముక్కలన్నీ చివరికి అతుక్కున్నాయి. పెద్దాయన వచ్చాక మిగిలిన పని పాటకి ప్రాణం పోయడమే. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1873 మొదటి మూడు నెలలూ దక్షిణ వేల్స్‌లో పెద్ద సమ్మె. జీతాల్లేని ఆ చలికాలం గడిచాక వచ్చిన వేసవిలోనే రెండోసారి లండన్ వెళ్ళి గెలిచారు.

ఇక్కడితో ఆపితే ఇది తీపి కథ. కానీ అదే 1872లో కర్వెన్ ఇంకో పని చేశాడు. అప్పటిదాకా ఆయన పాఠాల్లో సోల్ఫా ఒక మెట్టు, దాని మీదుగా స్టాఫ్ నొటేషన్‌కి చేరుకోవచ్చు. ఆ ఏడాది వచ్చిన కొత్త కూర్పులో స్టాఫ్‌ని పూర్తిగా తీసేశాడు. అక్షరాలే చాలు అన్నాడు. దాంతో మెట్టు కాస్తా గోడ అయింది. సోల్ఫా మాత్రమే వచ్చినవాళ్ళు సోల్ఫాలో అచ్చయినవే పాడగలరు. ఆర్కెస్ట్రా వాయించేవాళ్ళ కాగితాలు వాళ్ళకి పరాయి లిపి. శ్రుతి మాటిమాటికీ మారే కొత్త సంగీతాన్ని ఆ అక్షరాల్లో రాయడం కష్టం కాబట్టి అది వాళ్ళ దాకా రావడమూ కష్టమే. పేదవాళ్ళ కోసం కట్టిన తలుపు గుండా లోపలికి వచ్చినవాళ్ళు ఒక గదిలోనే ఉండిపోయారు.

ఏ లిపైనా కొంత పట్టుకుంటుంది, కొంత వదిలేస్తుంది. మన దగ్గర ఇదే ప్రశ్న మరోలా వచ్చింది. 1893లో చిన్నస్వామి ముదలియార్ కర్ణాటక సంగీత కృతుల్ని స్టాఫ్ నొటేషన్‌లో అచ్చువేశారు. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగు లిపిలో తెచ్చారు. అక్షరాలే, కానీ గమకాలకి ప్రత్యేకమైన గుర్తులు కూడా పెట్టారు. కర్వెన్ జనం కోసం లిపిని పలచన చేశాడు. దీక్షితులు సంగీతంలో ఏదీ జారిపోకూడదని లిపిని చిక్కన చేశారు. ఒకటి వేలమంది చేతుల్లోకి వెళ్ళింది, రెండోది విద్వాంసుల బీరువాల్లో భద్రంగా ఉంది. ఏది మేలు అని అడిగితే నా దగ్గర ఒకే జవాబు లేదు. నేర్చుకునేవాళ్ళు ఎవరన్నదాన్నిబట్టి జవాబు మారుతుంది.

ఆ పలచని లిపి ఎంత దూరం వెళ్ళిందో చూడండి. 1897లో జోహానెస్‌బర్గ్ దగ్గర మిషన్ బడి టీచరు ఎనోక్ సొంటొంగ ఒక ప్రార్థనాగీతం కట్టి టానిక్ సోల్ఫాలోనే రాసుకున్నాడు. 'ఎన్‌కోసి సికెలెల్ ఐఆఫ్రికా' అదే. ఇవాళ దక్షిణాఫ్రికా జాతీయగీతంలో అది భాగం. వెల్ష్ మిషనరీలు వెళ్ళిన మన మిజోరంలో కూడా క్వయర్లు సోల్ఫా అక్షరాల్లో చదివి పాడతాయి. అక్కడివాళ్ళు దాన్ని నేర్చుకుంటూనే, డోలు దెబ్బకి గుంపుగా పాడే తమ సొంత బాణీ 'లెంగ్‌ఖామ్'ని కూడా పెంచుకున్నారు. తెచ్చిపెట్టిన లిపి లోపలే అందరూ ఉండిపోలేదన్నమాట.

ఇదంతా నేను చదవడానికి కారణం నేను పాడే చిన్న బృందం. హైదరాబాదులో మా అపార్ట్‌మెంట్లవాళ్ళం ఓ ఇరవైమందిమి ఆదివారాలు కలుస్తాం. వచ్చే కచేరీకి తయారవుతున్నాం. మాలో నొటేషన్ చదవగలిగేది ఇద్దరే. మిగతా అందరికీ ఫోనులో ఆడియో వస్తుంది. ఎవరి వరుస వాళ్ళకి విడిగా పాడి పంపుతారు. ట్రాఫిక్‌లో విని కంఠతా పట్టేస్తాం. త్వరగా వచ్చేస్తుంది, బాగానే వినిపిస్తుంది. కానీ మాకు వచ్చింది ఆ పాట మాత్రమే. ఇంకో పాట కావాలంటే మళ్ళీ ఆ ఇద్దరూ పాడి పంపాలి. వాళ్ళు ఊరు మారితే మా క్వయర్ లేదు.

ఆడియో తప్పని నేను అనను. మన సంగీతమంతా చెవి నుంచి చెవికి వచ్చిందే. అయితే గురువు దగ్గర ఏళ్ళ తరబడి కూర్చుని వినడం వేరు, ఒక కచేరీ కోసం ఒక ఫైలుని బట్టీపట్టడం వేరు. మొదటిదానిలో విద్య మనదవుతుంది. రెండోదానిలో కచేరీ గడిచిపోతుంది, అంతే. రోజంతా గనిలో పనిచేసి వచ్చి గోడ మీద పటం చూస్తూ అక్షరాలు కూడబలుక్కున్న ఆ మనిషికి, కచేరీ అయిపోయాక కూడా ఒకటి మిగిలింది. ఇంతకుముందు ఎన్నడూ వినని పాట కాగితం చేతికిస్తే, ఎవరినీ అడగకుండా తనంతట తాను పాడుకోగలడు. వెయ్యి గినీల కప్పు ఒక్కటే, అది బృందమంతటిదీ. ఇది మాత్రం ఎవరిది వాళ్ళదే.