దేవుళ్లు బోనెక్కే చోట

రాయ్‌పూర్ నుంచి జగ్దల్‌పూర్‌కు వెళ్లే జాతీయ రహదారి కేశ్‌కాల్ కనుమ మలుపులు ఎక్కి బస్తర్ పీఠభూమిని చేరుకుంటుంది. ఆ కనుమ దగ్గర భంగారం దేవి గుడి ఉంది. తెలుగు చెవికి బంగారంలా వినిపించే ఈ పేరుగల దేవత చుట్టుపక్కల గ్రామదేవతలందరికీ న్యాయాధిపతి. ఏటా భాద్రపదంలో జరిగే జాతరకు ఆదివాసులు తమ దేవుళ్లను భుజాల మీద మోసుకుని వస్తారు. మొక్కు చెల్లించడానికి వచ్చేవారు కొందరైతే, ఫిర్యాదు చేయడానికి వచ్చేవారు మరికొందరు. వానలు పడలేదు, పంట చేతికి రాలేదు, పిల్లలకు జ్వరాలు తగ్గలేదు, పశువులు చచ్చిపోయాయి. ఏడాది పొడవునా పూజలు అందుకున్న దేవుడు ఏం చేస్తున్నట్టు?

వాదనలు జరుగుతాయి. ఊరి పెద్దలే వకీళ్లు. కోళ్లు సాక్షులు. పూనకం వచ్చిన సిరహా నోట దేవి తీర్పు వెలువడుతుంది. నేరం రుజువైన దేవుడికి బహిష్కారమే శిక్ష. అలంకారాలతోనే గుడి వెనుక చెట్ల కింద ఆ విగ్రహాన్ని వదిలేస్తారు. శిక్ష కొంతకాలానికే పరిమితం కావచ్చు, శాశ్వతం కావచ్చు. నడవడిక మార్చుకుని భక్తుల మొర ఆలకించడం మొదలుపెట్టాడని నమ్మకం కుదిరితే ఆ దేవుడికి మళ్లీ పీఠం దక్కుతుంది. ఎవరిపై ఏ అభియోగం వచ్చిందో, ఏ తీర్పు వెలువడిందో రాసిపెట్టే పుస్తకం కూడా అక్కడ ఉంటుంది.

నగరాల పత్రికలు దీన్ని ఏటా ఒక వింత వార్తగా అచ్చు వేసి మరిచిపోతాయి. నిజానికి ఇందులో తత్వశాస్త్రపు అతి పాత ప్రశ్న ఒకటి ఉంది. దేవతలు మెచ్చారు కనుక మంచి మంచి అయిందా, లేక మంచిది కనుకనే దేవతలు మెచ్చారా అన్న సందేహాన్ని ప్లేటో తన యూథిఫ్రో సంభాషణలో సోక్రటీసు చేత అడిగించాడు. దేవుడు లేకపోతే మనిషిని పట్టి ఉంచేది ఏదీ మిగలదని, నీతి కుప్పకూలుతుందని పందొమ్మిదో శతాబ్దపు యూరప్ భయపడింది. దోస్తోయెవ్‌స్కీ నవలలకు ఆ భయమే ఇతివృత్తమైంది. కేశ్‌కాల్ జాతర ఆ ప్రశ్నకు గ్రంథం రాయకుండానే జవాబు చెప్పింది. దేవుడిని విచారించాలంటే దేవుడికంటే ముందే ఒక న్యాయం ఉండి తీరాలి. ఆ న్యాయం వర్షానికి, పంటకు, పిల్లల ఆరోగ్యానికి సంబంధించినది. మనుషులు తమ బతుకుల్లోంచి తీసిన కొలమానం. తీర్పు చెప్పేది కూడా దేవతే కదా అన్న అభ్యంతరం రావచ్చు. కానీ ఫిర్యాదు మనిషిది, సాక్ష్యం కోడిది, పూనకం మనిషిది. బస్తర్ ఆదివాసి నాస్తికుడు కాడు. అతని నీతి మాత్రం దేవుడి దయ మీద నిలిచినది కాదు.

ఈ సంగతిని ముందుగా పసిగట్టినవారిలో ఒక మాజీ క్రైస్తవ మతబోధకుడు ఉండడం విశేషం. వెరియర్ ఎల్విన్ బిషప్ కుమారుడు. 1927లో పుణేలోని క్రీస్తు సేవా సంఘంలో పనిచేయడానికి భారతదేశం వచ్చాడు. గాంధీ ప్రభావంలో పడ్డాడు, గోండుల మధ్య స్థిరపడ్డాడు, క్రమంగా చర్చికి దూరమయ్యాడు. 1940ల తొలినాళ్లలో బస్తర్ సంస్థానంలో పరిశోధన సాగించి 1943లో మారియాల హత్యలు, ఆత్మహత్యల మీద ఒక గ్రంథాన్ని, 1947లో మురియాల ఘోటుల్ మీద మరో బృహద్గ్రంథాన్ని ప్రచురించాడు. మొదటి పుస్తకం కోసం అతడు వంద హత్య కేసుల రికార్డులను పరిశీలించాడు. తాగుడు, అసూయ, భూమి తగాదాలు, మంత్రగత్తె అన్న అనుమానం: కారణాలన్నీ మానవ కారణాలే. పాపభీతి లేని అడవి మనుషులు క్రూరులన్న మిషనరీ వాదన అక్కడ నిలబడలేదు. అడవి మనుషులు అమాయకులన్న కాల్పనిక వాదన కూడా నిలబడలేదు. ఎల్విన్ మారియాల పక్షం వహించినా వారిని దేవదూతలను చేయలేదు, ఆ పుస్తకం విలువ అదే.

ఎల్విన్‌కు సమకాలికుడైన హైమెండార్ఫ్ హైదరాబాద్ సంస్థానంలో చెంచులను, కొండరెడ్లను, ఆదిలాబాద్ గోండులను అధ్యయనం చేశాడు. కొమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగిన 1940 తరువాతి సంవత్సరాలవి. చెంచులకు దేవతలున్నారు, వేటకు ముందు మొక్కులున్నాయి. కానీ అబద్ధమాడినవాడిని, పక్కవాడి భార్యను తీసుకుపోయినవాడిని దేవత శిక్షిస్తుందన్న ఆలోచన వారిలో బలంగా లేదని, ఆ పని చుట్టాలదీ గుంపుదీ అని అతడు గ్రహించాడు. మరణానంతర లోకం నడవడికకు దక్కే బహుమానమో శిక్షో కాదు. 1967లో వెలువడిన అతని ‘మారల్స్ అండ్ మెరిట్’ గ్రంథం ఈ పరిశీలనల మీదే నిలిచింది. స్వర్గనరకాలు లేని సమాజం కూడా మాట నిలబెట్టుకుంటుంది, వేటలో చిక్కినదాన్ని పంచుకుంటుంది.

అయితే గుంపు నీతికి కూడా చీకటి ముఖం ఉంది. టోన్హీ అన్న ముద్ర వేసి ఒంటరి స్త్రీలను హింసించిన చరిత్ర ఛత్తీస్‌గఢ్‌కు ఉంది. దాన్ని ఆపడానికి 2005లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. గ్రామదేవుడికి విచారణ, శిక్ష తగ్గింపు, పునరాగమనం అన్నీ ఉన్నాయి. టోన్హీ అన్న ముద్ర పడిన వితంతువుకు అవేవీ లేవు.

భంగారం గుడిలోనే మరో దేవుడున్నాడు. అతని పేరు ఖాన్. నాగ్‌పూర్ నుంచి వచ్చిన వైద్యుడని, మశూచి, కలరా ప్రబలిన రోజుల్లో ఆదివాసులకు సేవ చేశాడని, చనిపోయాక జనం అతడిని దేవతల వరుసలో కూర్చోబెట్టారని స్థానికులు చెబుతారు. మతం అడ్డు రాలేదు. మంచితనం వల్ల మనిషి దేవుడయ్యాడు, దేవుడు చెప్పాడు కనుక మంచివాడు కాలేదు.

ఈ ఆలోచనను తెలుగు నేల మీద సిద్ధాంతంగా నిలిపినవాడు గోరా. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరాకు నాస్తికత్వం ఒక వాదం కాదు, దినచర్య. 1948 మార్చిలో సేవాగ్రామ్‌లో ఆయన కుమార్తె ఒక దళిత యువకుడిని వివాహమాడినప్పుడు ఆ తంతులో దేవుడి స్థానంలో సత్యం నిలిచింది. ఆ మార్పుకు మరణానికి ముందే సమ్మతించినవాడు గాంధీ. దేవుడు లేడు కనుక మనిషే బాధ్యుడు అన్నది గోరా సూత్రం. ఇందులో బరువైన మాట బాధ్యత. బస్తర్‌కు చేరిన మరో తెలుగు నాస్తికత చిక్కుపడిన చోటు అదే.

1980లో పీపుల్స్‌వార్ దళాలు గోదావరి దాటి దండకారణ్యంలో అడుగుపెట్టాయి. వారు వచ్చేనాటికి తునికాకు కట్టకు ఇచ్చే కూలి నామమాత్రం, అటవీ సిబ్బంది దోపిడీ నిత్యకృత్యం. దళాలు ఆ రెండింటి మీదా పోరాడాయన్నది వారి విరోధులు కూడా కాదనని చరిత్ర. పరలోకం మీద ఆశ లేకుండా, పేరు మార్చుకుని, సొంత ఊరు మరచి, ఇరవై ముప్పై ఏళ్లు అడవిలో నడిచిన మనుషుల జీవితాలకు అర్థం లేదని ఎవరనగలరు? దేవుడు లేని జీవితానికి అర్థం ఉండదన్న వాదానికి వారి బతుకులు ఖండన. కానీ అదే దళాల జనఅదాలత్ ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర పడిన గ్రామస్థుడిని తీసుకొచ్చి నిలబెట్టినప్పుడు అప్పీలుకు చోటు లేదు. తీర్పు చెప్పేవారి చేతిలోనే తుపాకీ ఉంది. భంగారం కోర్టులో దేవుడికైనా తిరిగి వచ్చే దారి ఉంది. పార్టీ కోర్టులో మరణశిక్ష పడ్డ మనిషికి లేదు. దేవుడిని తొలగించిన చోట చరిత్ర గమనం, వర్గం, పార్టీ అన్న కొత్త దేవతలు కొలువుదీరాయి. వాటిని బోనెక్కించే జాతర మాత్రం ఎవరూ ఏర్పాటు చేయలేదు.

రాజ్యం ఇంతకంటే మెరుగ్గా ప్రవర్తించిందా? 1966 మార్చి 25న జగ్దల్‌పూర్ రాజప్రాసాదంలో పోలీసు కాల్పులు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్‌నూ ఆయనతో ఉన్న ఆదివాసులనూ బలిగొన్నాయి. ఓరుగల్లు పతనానంతరం దంతేశ్వరితో పాటు బస్తర్ చేరిన అన్నమదేవుడి వారసుడిగా, దేవి పూజారిగా ఆదివాసులు ఆయనను కొలిచేవారు. 2005లో మొదలైన సల్వాజుడుంలో గిరిజన యువకుల చేతికి తుపాకులు ఇచ్చిన పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. 2012 జూన్‌లో సార్కెగూడలో భద్రతా దళాల కాల్పుల్లో 17 మంది చనిపోయారు. వారు మావోయిస్టులనడానికి ఆధారం లేదని న్యాయవిచారణ సంఘం నివేదిక 2019లో బయటపడింది. ఫిర్యాదు ఉంది, సాక్షులున్నారు, తీర్పులాంటి నివేదిక ఉంది. గుడి వెనుక చెట్టు కిందికి పోవలసిన విగ్రహం మాత్రం పీఠం మీదే ఉంది.

చనిపోయినవారి జ్ఞాపకమే బతికినవారికి అర్థమని బస్తర్‌కు తెలుసు. దారి పక్కన నిలువు రాళ్లు, బొమ్మలు చెక్కిన స్తంభాలు మారియాల పూర్వీకులకు గుర్తులు. వాటి కింద స్వర్గవాసం గురించి ఒక్క మాట ఉండదు. ఆ మనిషి వేటాడిన జంతువులు, తోలిన ఎడ్లు ఉంటాయి. మావోయిస్టులు అదే ఒరవడిలో ఎర్ర స్తూపాలు కట్టారు. 2025 మే 21న అబూజ్‌మఢ్‌లో పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం బిడ్డ నంబాల కేశవరావు మరణించే నాటికి భద్రతా దళాలు ఆ స్తూపాలను ఒక్కొక్కటిగా కూల్చేస్తూ ఉన్నాయి.

ఇప్పుడు కొత్త వివాదం శ్మశానాల దగ్గర రగులుతోంది. ఆదివాసి హిందువా, క్రైస్తవుడా, రెండూ కాడా అన్నది రాయ్‌పూర్, ఢిల్లీ రాజకీయాలు తేల్చదలచిన ప్రశ్న. 2025 జనవరిలో బస్తర్ జిల్లాకు చెందిన ఒక పాస్టర్ మృతదేహం దాదాపు మూడు వారాలు శవాగారంలో ఉండిపోయింది. పూర్వీకుల ఊళ్లో పూడ్చనివ్వబోమని గ్రామస్థులు అడ్డుపడ్డారు. తండ్రిని ఊరి మట్టిలోనే కలపాలని కుమారుడు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులూ ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. జస్టిస్ నాగరత్న సొంత భూమిలో ఖననానికి అనుమతించాలన్నారు, జస్టిస్ సతీశ్‌చంద్ర శర్మ క్రైస్తవులకు కేటాయించిన శ్మశానంలోనే జరగాలన్నారు. శవం ఇంకా ఆగలేదు కనుక ప్రత్యేకాధికారాన్ని వాడి, ఊరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని కర్కపాల్ శ్మశానంలో పూడ్చమని ధర్మాసనం ఆదేశించింది. అతడి తాతలు పూడ్చబడిన ఊరు అది కాదు.