అద్దెదారు పేరుతో దక్కిన ఇల్లు

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, టూసాన్ నగరం నడిబొడ్డున ఒక పాత ఇల్లు ఉంది. ఎండలో ఆరబెట్టిన పచ్చి ఇటుకలతో కట్టిన దళసరి గోడలు. ఎడారి ఎండను ఆపేది ఆ మందమే. పక్కనే కన్వెన్షన్ సెంటర్ కాంక్రీటు భవనాలు. ఒకప్పుడు ఈ ఇంటికి ఇరుగుపొరుగు ఉండేది, వీధులు ఉండేవి, నిండుగా ఒక పేట ఉండేది.

టూసాన్ మొదట స్పెయిన్ సైనిక స్థావరం, ఆ తర్వాత మెక్సికో ఊరు. 1853లో కుదిరిన గాడ్స్‌డెన్ ఒప్పందంతో అమెరికా చేతికి వచ్చింది. జనం ఎక్కడికీ కదలలేదు, సరిహద్దే వాళ్ల ఊరు దాటి దక్షిణానికి జరిగింది. ఈ స్థలం 1860లో హోసే మరియా సోసాది. 1878లో కర్రీయో కుటుంబానికి వచ్చింది. మెక్సికోలోని సొనోరా నుంచి వచ్చిన లియోపోల్డో కర్రీయో వ్యాపారంలో బాగా సంపాదించి, టూసాన్‌లోని పెద్ద ధనవంతుల్లో ఒకడయ్యాడు. ఊరి జనం సేదదీరేందుకు ఆయన వేసిన తోట చాలాకాలం ప్రసిద్ధి.

రైలు 1880లో వచ్చింది. దాంతోపాటు తూర్పు రాష్ట్రాల నుంచి తెల్లవాళ్ల పెట్టుబడీ వచ్చింది. స్థానికుల పలుకుబడి తగ్గుతూ పోయింది. 1894లో మెక్సికన్ కుటుంబాల పెద్దలు ఇదే ఊళ్లో ‘అలియాంజా ఇస్పానో-అమెరికానా’ అనే పరస్పర సహాయ సంఘం పెట్టారు. అది అమెరికాలో చాలాచోట్లకు విస్తరించింది. 1919 నుంచి టూసాన్ బడుల్లో స్పానిష్ మాట్లాడే పిల్లల్ని ‘1సీ’ అనే వేరు తరగతిలో కూర్చోబెట్టేవారు. ఫీనిక్స్ దగ్గరి టాలెసన్‌లో మెక్సికన్ పిల్లలకు బడినే వేరు చేశారు. అక్కడి తల్లిదండ్రుల పోరాటానికి అలియాంజా అండగా నిలిచింది. 1951లో ఫెడరల్ కోర్టు ఆ విభజన చెల్లదని తీర్పు చెప్పింది. బడుల్లో జాతి విభజన చెల్లదని సుప్రీంకోర్టు చెప్పిన, దేశమంతా చెప్పుకునే బ్రౌన్ తీర్పు వచ్చింది ఆ తర్వాత మూడేళ్లకు.

1966లో టూసాన్ ఓటర్లు పట్టణ పునర్నిర్మాణ పథకాన్ని ఆమోదించారు. ఈ ఇల్లున్న పేటలో సుమారు 80 ఎకరాల్లో బుల్‌డోజర్లు తిరిగాయి. మెక్సికన్ అమెరికన్లతోపాటు ఆఫ్రికన్ అమెరికన్, చైనీస్ కుటుంబాలూ ఇళ్లు వదిలిపోయాయి. ఆల్వా టోరెస్ అనే గృహిణి 1967లో ‘లా ప్లాసీటా కమిటీ’ పెట్టి, పేట మధ్యనున్న కూడలిని, దాని చుట్టూ ఉన్న పాత కట్టడాలను కాపాడమని పోరాడారు. వాటిలో చాలా భాగం దక్కలేదు.

కర్రీయో ఇల్లు మాత్రం దక్కింది. అందుకు ముఖ్య కారణం ఒక అద్దెదారు! 1856లో దేశాధ్యక్ష పదవికి పోటీ చేసిన జాన్ సి. ఫ్రెమాంట్, అరిజోనా గవర్నరుగా ఉన్న రోజుల్లో, 1881లో ఈ ఇంటిని అద్దెకు తీసుకున్నాడు. 1971లో ఇంటిని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. మ్యూజియంగా తలుపులు తెరిచినప్పుడు గుమ్మం మీద నిలిచిన పేరు ఫ్రెమాంట్‌దే. తరాల తరబడి అక్కడ కాపురమున్న కర్రీయోల పేరు వెనక్కి పోయింది. కూల్చివేత తర్వాత జరిగిన రెండో అన్యాయం ఇది.

ఇప్పుడది సోసా-కర్రీయో ఇల్లు. టూసాన్ పాత కుటుంబాల వారసుల సంఘం ‘లోస్ దెసెండియెంతెస్’ దాన్ని మెక్సికన్ అమెరికన్ వారసత్వ మ్యూజియంగా నడుపుతోంది. అరిజోనా వెళ్లే తెలుగువాళ్లు గ్రాండ్ కాన్యన్ ఎలాగూ చూస్తారు. టూసాన్ దాకా వెళితే ఒక పూట ఈ ఇంటికీ కేటాయించండి.