ఎడిసన్‌కు సరకు రవాణా: సముద్ర, విమాన మార్గాల్లో అంతరాయాలు (2020–2025)

ఎడిసన్ అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, మిడిల్‌సెక్స్ కౌంటీలోని పట్టణం. 1954 దాకా దీని పేరు రారిటన్ టౌన్‌షిప్. 1876లో ఇక్కడి మెన్లో పార్కులో ప్రయోగశాల పెట్టిన థామస్ ఎడిసన్ గౌరవార్థం పేరు మార్చారు. 2020 జనగణన ప్రకారం జనాభా 1,07,588. తెలుగువాళ్ళకు మాత్రం ఎడిసన్ అనగానే విద్యుద్దీపం కన్నా ముందు గుర్తొచ్చేది ఓక్ ట్రీ రోడ్డు. ఎడిసన్ నుంచి పక్కనున్న ఐసెలిన్ దాకా ఆ రోడ్డు పొడవునా భారతీయ దుకాణాలు, హోటళ్ళు, బంగారం అంగళ్ళు ఉంటాయి.

ఇక్కడి తెలుగు ఇంట్లో వండే సోనామసూరి ఓడ మీద మామూలు కంటైనర్‌లో వస్తుంది. రొయ్యలు గడ్డకట్టిన స్థితిలో రీఫర్ (శీతల) కంటైనర్‌లో వస్తాయి. అమ్మ పంపిన ఆవకాయ విమానంలో వస్తుంది. 2020 నుంచి ఈ మూడు దారులూ ఎప్పుడో ఒకప్పుడు మూసుకుపోయాయి, లేదా ఇరుకయ్యాయి. వార్తల్లో క్షిపణులు, కూలిన వంతెనలే ఎక్కువగా కనిపించాయి. కానీ ఎడిసన్ వంటింటి దాకా వచ్చిన కొరతల్లో చాలావాటికి కారణం ప్రభుత్వాలు సంతకం చేసిన ఉత్తర్వులే. 2025 చివరి వరకు జరిగిన పరిణామాలే ఈ వ్యాసం పరిధి.

రేవు, గోదాములు

కంటైనర్ రవాణా పుట్టింది ఎడిసన్‌కు సుమారు 20 మైళ్ళ దూరంలోనే. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్లీన్ అనే లారీ కంపెనీ యజమాని ‘ఐడియల్ ఎక్స్’ ఓడ మీద 58 పెట్టెలు ఎక్కించి పోర్ట్ నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. అంతకుముందు బస్తాలను, పీపాలను కూలీలు ఒక్కొక్కటిగా మోసేవారు. ఆ పద్ధతి అప్పటినుంచి క్రమంగా కనుమరుగైంది. ఇప్పుడు నెవార్క్–ఎలిజబెత్ టెర్మినళ్ళు అమెరికా తూర్పు తీరంలో అతిపెద్ద కంటైనర్ రేవులో భాగం. పెద్ద ఓడలు లోపలికి రావడానికి బయోన్ వంతెన ఎత్తు చాలేది కాదు. వంతెన రోడ్డును 151 అడుగుల నుంచి 215 అడుగులకు లేపి, 2017లో ఆ అడ్డు తొలగించారు.

రేవులో దిగిన పెట్టెలు న్యూజెర్సీ టర్న్‌పైక్ మీదుగా గోదాములకు చేరతాయి. ఎడిసన్‌లో ఆ గోదాములకు కేంద్రం పదో ఎగ్జిట్ దగ్గరి రారిటన్ సెంటర్. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917లో, అమెరికా సైన్యం మందుగుండు నిల్వకూ రవాణాకూ ఇక్కడ రారిటన్ ఆర్సెనల్‌ను ఏర్పాటు చేసింది. 1960లలో దాన్ని మూసేశాక ఆ నేలలోనే పారిశ్రామికవాడ వెలిసింది. తెలుగు సంఘాల మహాసభలు జరిగే ఎక్స్‌పో సెంటర్ ఉన్నదీ అక్కడే. ఒకవైపు వేదిక మీద కూచిపూడి జరుగుతుంటే, నాలుగు వీధుల అవతల ఫోర్క్‌లిఫ్టులు సరకు దించుతుంటాయి.

కోవిడ్ కాలంలో ఈ రేవుకు ప్రాధాన్యం పెరిగింది. ఇళ్ళలో కూర్చున్న అమెరికన్లు వస్తువులు విపరీతంగా కొనడంతో పడమటి తీరంలో ఓడలు బారులు తీరాయి. దిగుమతిదారులు తూర్పుకు మళ్ళారు. 2022లో న్యూయార్క్–న్యూజెర్సీ రేవు సుమారు 95 లక్షల టీఈయూలు, అంటే 20 అడుగుల పెట్టెల లెక్కన అంత సరకును దాటించింది. ఆ ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌ను కూడా మించింది. 40 అడుగుల కంటైనర్‌కు డ్రూరీ సంస్థ ప్రకటించే ప్రపంచ సగటు ఛార్జీ 2019లో దాదాపు 1,420 డాలర్లు. 2021 సెప్టెంబర్‌లో అది 10,377 డాలర్లకు చేరింది.

బియ్యం: ఓడ కదలకముందే ఆగిన సరకు

సూట్‌కేసులో బియ్యం తెచ్చుకోవడం కుదరదు. ధాన్యాన్ని తొలిచే ఖప్రా పురుగు ఉన్న దేశాల నుంచి ప్రయాణికులు బియ్యం తీసుకురావడాన్ని అమెరికా 2011లోనే నిషేధించింది. ఆ దేశాల జాబితాలో భారత్ ఉంది. అందుకే ఎడిసన్‌కు వచ్చే ప్రతి గింజా వ్యాపార సరకుగా, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రంతో కంటైనర్‌లోనే రావాలి. కాకినాడ యాంకరేజి రేవులో లంగరేసిన పెద్ద ఓడలకు బార్జీల మీద చేరే బియ్యం ప్రధానంగా ఆఫ్రికా వెళుతుంది. ఓక్ ట్రీ రోడ్డులో కనిపించే 20 పౌండ్ల సంచుల దారి వేరు.

2023 జూలై 20న బాస్మతియేతర తెల్లబియ్యం ఎగుమతిని భారత ప్రభుత్వం నిషేధించింది. దేశంలో ధరలు పెరగకూడదన్నది ఉద్దేశం. ఆ వార్త అమెరికా చేరిన రోజు గోదాముల్లో నిల్వలు ఖాళీ కాలేదు, సముద్రం మీద ఉన్న పెట్టెలు ఆగలేదు. అయినా గంటల్లోనే జనం దుకాణాల ముందు బారులు కట్టారు. భుజాన రెండేసి సంచులు మోస్తున్నవాళ్ళు, ఖాళీ అరలు, తోపులాటలు వీడియోలుగా చక్కర్లు కొట్టాయి. చాలా దుకాణాలు కుటుంబానికి ఇన్ని సంచులేనని బోర్డులు పెట్టాల్సి వచ్చింది. మొదటి వారం కొరతను సృష్టించింది రవాణా కాదు, భయం. అసలు కొరత ఆ తర్వాత, దారిలో ఉన్న సరకు అయిపోయాక మొదలైంది. కొన్ని ఇళ్ళు అలవాటు లేని రకాలకు, మరికొన్ని బాస్మతికి మారాయి.

2024 సెప్టెంబర్ 28న నిషేధం తొలగించి, టన్నుకు 490 డాలర్ల కనీస ఎగుమతి ధర పెట్టారు. అక్టోబర్‌లో ఆ షరతునూ తీసేశారు. అంటే బియ్యం దారి పద్నాలుగు నెలలు మూతపడింది. దాన్ని మూసింది తుపాను కాదు, యుద్ధమూ కాదు, ఢిల్లీలో వెలువడిన ఒక నోటిఫికేషన్.

ఎర్ర సముద్రం, కేప్ దారి

2023 నవంబర్ 19న యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారులు ఎర్ర సముద్రంలో హెలికాప్టర్ నుంచి ‘గెలాక్సీ లీడర్’ ఓడ మీదికి దిగి దాన్ని స్వాధీనం చేసుకున్నారు. ఆ ఓడ తుర్కియే నుంచి భారత్‌కు వస్తోంది. దాడులు కొనసాగడంతో డిసెంబర్ మధ్యకల్లా పెద్ద షిప్పింగ్ కంపెనీలు సూయజ్ కాలువను వదిలి ఆఫ్రికా దక్షిణ కొస దగ్గరి కేప్ ఆఫ్ గుడ్ హోప్ మీదుగా ఓడలు నడపసాగాయి. ముంబై నుంచి న్యూయార్క్‌కు సూయజ్ మీదుగా దాదాపు 8,200 నాటికల్ మైళ్ళు. కేప్ చుట్టి వస్తే 11,500 పైనే. 15 నాట్ల వేగంతో నడిచే ఓడకు ఇది సుమారు తొమ్మిది రోజుల అదనపు ప్రయాణం. విశాఖలో ఎక్కించిన పెట్టె కొలంబో వంటి చోట పెద్ద ఓడలోకి మారుతుంది కాబట్టి, అక్కడ రద్దీ ఉంటే ఇంకొన్ని రోజులు కలుస్తాయి.

డ్రూరీ సగటు 2024 జూలైలో 5,937 డాలర్లకు ఎగబాకింది. ఇక్కడ తరచూ మరుగున పడే సంగతి ఒకటుంది. దారి మారినా సరకు ఆగలేదు. కంపెనీలు ఎక్కువ ఓడలు దించాయి, కొత్తగా కట్టిన ఓడలూ తోడయ్యాయి. 2025 జూలైలో హౌతీలు ‘మ్యాజిక్ సీస్’, ‘ఎటర్నిటీ సి’ ఓడలను ముంచేసినా ధరలు మళ్ళీ ఆ ఎత్తుకు వెళ్ళలేదు. ఆ అక్టోబర్‌లో సగటు 1,700 డాలర్ల దిగువకు పడిపోయింది. దూరం పెరిగితే సముద్ర రవాణా సర్దుకుంటుంది, కాకపోతే ఖర్చవుతుంది. పప్పు, చింతపండు, మసాలా దినుసులు అమ్మే దుకాణదారు తెప్పించుకోవలసిన సరకుకు రెండు వారాలు ముందే ఆర్డర్ పెట్టి నెట్టుకొచ్చాడు.

వంతెన, సమ్మె

2024 మార్చి 26 అర్ధరాత్రి దాటాక ‘డాలీ’ అనే కంటైనర్ ఓడ కరెంటు పోయి, బాల్టిమోర్‌లోని ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని గుద్దింది. వంతెన మీద పనిచేస్తున్న ఆరుగురు చనిపోయారు. ఓడ సిబ్బంది 21 మందిలో 20 మంది భారతీయులు. అది కేప్ మీదుగానే కొలంబో బయలుదేరింది. బాల్టిమోర్‌కు రావలసిన పెట్టెల్లో గణనీయమైన భాగం నెవార్క్ వైపు మళ్ళింది. బాల్టిమోర్ రేవులోకి ఓడలు వచ్చే మార్గాన్ని జూన్ 10న పూర్తిగా తెరిచారు.

అదే ఏడాది అక్టోబర్ 1న మెయిన్ నుంచి టెక్సస్ దాకా 36 రేవుల్లో డాక్ కార్మికులు సమ్మెకు దిగారు. తూర్పు తీరమంతా ఇలా ఆగడం 1977 తర్వాత అదే మొదలు. వారి సంఘం ఐఎల్‌ఏ ప్రధాన కార్యాలయం న్యూజెర్సీలోనే, నార్త్ బెర్గెన్‌లో ఉంది. ఆరేళ్ళలో 62 శాతం జీతం పెంపుకు అంగీకారం కుదరడంతో మూడో రోజే సమ్మె ఆగింది. యంత్రీకరణ మీద తగవు 2025 జనవరిలో తేలింది.

రొయ్యలు: ఇరవై ఒక్క రోజుల గడువు

అమెరికా దిగుమతి చేసుకునే రొయ్యల్లో భారత్‌ది పెద్ద వాటా. భారత్ రొయ్యల ఎగుమతుల్లో ఆంధ్రప్రదేశ్ చెరువులది అగ్రస్థానం. భీమవరం ప్రాంతపు వనామీ రొయ్య తల తీసి, ఒలిచి, గడ్డకట్టించాక న్యూజెర్సీ సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌కు చేరుతుంది. ఈ సరకు మీద 2005 నుంచే, మరీ చౌకగా అమ్మడాన్ని అడ్డుకునే యాంటీ డంపింగ్ సుంకం ఉంది. 2024 చివర్లో, ప్రభుత్వ రాయితీలకు విరుగుడుగా వేసే కౌంటర్‌వెయిలింగ్ సుంకం తోడైంది.

2025 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రభుత్వం కొత్త సుంకాలు ప్రకటించి, మళ్ళీ 90 రోజులు వాయిదా వేసింది. ఆ సందులో ఎగుమతిదారులు ఎంత వీలైతే అంత పంపేశారు. ఆగస్టు 7న 25 శాతం ‘రెసిప్రోకల్’ సుంకం, రష్యా చమురు కొంటున్నందుకు ఆగస్టు 27న మరో 25 శాతం అమల్లోకి వచ్చాయి.

రెండో విడత ఉత్తర్వులో ఒక వెసులుబాటు ఉంది. ఆగస్టు 27కు ముందు ఓడెక్కి, సెప్టెంబర్ 17కు ముందు అమెరికాలో నమోదైన సరకుకు ఆ అదనపు భారం ఉండదు. లెక్క వేస్తే ఇందులోని పేచీ తెలుస్తుంది. మధ్యలో ఉన్నది 21 రోజులు. కేప్ చుట్టి వచ్చే ఓడకు ముంబై నుంచే నెల పైన పడుతుంది, విశాఖ నుంచి ఇంకా ఎక్కువ. ఆగస్టు మొదటి వారాల్లో బయలుదేరినవాటికే తప్ప చివరి క్షణంలో ఎక్కించిన రీఫర్లకు ఆ వెసులుబాటు కాగితం మీదే మిగిలింది. ఎర్ర సముద్రపు గొడవ, వాషింగ్టన్ ఉత్తర్వు కలిసి ఒకే పెట్టె మీద పడ్డ సందర్భమిది. ఆ దెబ్బ చెరువు దగ్గర ధరల్లో కనిపించింది. ముఖ్యంగా అమెరికాకు వెళ్ళే పెద్ద సైజు రొయ్యలు పెంచిన రైతు నష్టపోయాడు.

విమానం: ఆకాశంలో మూసిన తలుపులు

విమాన సరకులో పెద్ద భాగం ప్రయాణికుల విమానాల కడుపులోనే వస్తుంది. 2020 మార్చిలో భారత్ అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలు ఆపినప్పుడు సరకుకూ చోటు పోయింది. హైదరాబాద్ నుంచి అమెరికాకు నేరుగా వెళ్ళే దారి, 2021 జనవరిలో ఎయిర్ ఇండియా మొదలుపెట్టిన షికాగో సర్వీసు, ఎక్కువకాలం నిలవలేదు. అందుకే హైదరాబాద్‌లోని శంషాబాద్ విమానాశ్రయం సరకు ఎక్కువగా గల్ఫ్ లేదా ఐరోపా మీదుగా మారుతూ రావాలి.

2025 ఈ దారికి గడ్డు సంవత్సరం. పహల్గామ్ దాడి తర్వాత ఏప్రిల్ 24న పాకిస్తాన్ భారతీయ విమానాలకు తన గగనతలం మూసేసింది. ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా వెళ్ళే ఎయిర్ ఇండియా విమానాల్లో కొన్ని వియన్నా, కోపెన్‌హాగెన్‌లలో ఇంధనానికి ఆగాల్సి వచ్చింది. అదే నెల 28న నెవార్క్ విమానాలను నియంత్రించే ఫిలడెల్ఫియా కేంద్రంలో రాడార్, రేడియో సుమారు 90 సెకన్లు మూగబోయాయి. ఒక రన్‌వే అప్పటికే మరమ్మతుల్లో ఉంది. జూన్‌లో ఇజ్రాయెల్–ఇరాన్ యుద్ధం, 23న కతార్ గగనతలం మూత గల్ఫ్ దారిని తాకాయి. నవంబర్ 4న లూయీవిల్‌లో యూపీఎస్ ఎండీ–11 కూలడంతో ఆ రకం సరకు విమానాలన్నీ నేల మీదే నిలిచాయి. పండగ పార్శిళ్ళ రద్దీకి అది సరిగ్గా ముందు.

పచ్చళ్ళ పార్శిల్

విజయవాడలో, హైదరాబాద్‌లో ‘అమెరికాకు పచ్చళ్ళు పంపబడును’ అన్న బోర్డులు తెలుగు వలసకు గుర్తులు. కొరియర్ లెక్క ఇలా ఉంటుంది: పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. వచ్చినదీ, అసలు బరువూ పోల్చి ఏది ఎక్కువైతే దానికి డబ్బు. ఆవకాయ బరువుకు బిల్లు పడుతుంది, జంతికలు గాలికి బిల్లు కట్టిస్తాయి. చికెన్, మటన్ పచ్చళ్ళను అమెరికా రానివ్వదు.

800 డాలర్ల లోపు విలువున్న పార్శిళ్ళకు అమెరికా సుంకం మినహాయింపు ఇచ్చేది. 2025 ఆగస్టు 29న అది అన్ని దేశాలకూ రద్దయింది. సుంకం ఎవరు, ఎలా వసూలు చేయాలో తేలకపోవడంతో విమాన కంపెనీలు తపాలా సరకు తీసుకోలేమన్నాయి. భారత తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికాకు బుకింగులు ఆపింది. మొదట ఉత్తరాలకు, 100 డాలర్ల లోపు బహుమతులకు మినహాయింపు ఇచ్చినా, తర్వాత వాటినీ నిలిపేసింది. దసరాకు పోస్టాఫీసు దారి లేదు. అక్టోబర్ 15న, దీపావళికి కొద్దిరోజుల ముందు, సేవలు మళ్ళీ మొదలయ్యాయి. ప్రకటించిన విలువ మీద 50 శాతం సుంకాన్ని భారత్‌లోనే ముందుగా కట్టించుకునే పద్ధతి వచ్చింది. 100 డాలర్ల లోపు బహుమతులకు అప్పుడు సుంకం పెట్టలేదు.

కాగితం బలానికి మామిడి ఇంకో ఉదాహరణ. అమెరికాకు పంపే పండ్లను రేడియేషన్‌తో శుద్ధి చేయాలి, దాన్ని అమెరికా తనిఖీ అధికారి సమక్షంలో చేయాలి. కోవిడ్‌లో ఆ అధికారులు రాలేక రెండు వేసవులు ఎగుమతి ఆగింది. 2025 మేలో ముంబైలో శుద్ధి అయిన 15 షిప్‌మెంట్లను పత్రాల్లో తేడా ఉందంటూ అమెరికా విమానాశ్రయాల్లో తిరస్కరించారు. వెనక్కి పంపే ఖర్చు ఎక్కువని ఎగుమతిదారులు పండ్లను అక్కడే ధ్వంసం చేయించారు.

2025 చివరి స్థితి

గాజా కాల్పుల విరమణ తర్వాత హౌతీ దాడులు సద్దుమణిగాయి. నవంబర్‌లో మసాలా దినుసులు, టీ, కాఫీ వంటి వాటిని అమెరికా రెసిప్రోకల్ సుంకం నుంచి తప్పించింది. రొయ్యలకు ఆ ఊరట దక్కలేదు. డిసెంబర్‌లో మేర్స్క్ సంస్థ ‘మేర్స్క్ సెబరోక్’ ఓడను బాబ్ ఎల్ మందెబ్ జలసంధి గుండా పంపింది. దాదాపు రెండేళ్ళలో ఆ కంపెనీకి అది తొలి ప్రయాణం. భారత్, మధ్యప్రాచ్య రేవులను అమెరికా తూర్పు తీరంతో కలిపే సర్వీసులో తిరిగే ఓడ అది. ఆ సర్వీసులోని తక్కిన ఓడలు అప్పటికి ఇంకా కేప్ చుట్టే తిరుగుతున్నాయి.