లొట్టిలోని తోడు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరి శాఖ చరిత్ర వారు నాలుగు మాటలు వ్రాయాలని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను కొంత వెనుకాడాను. రెవెన్యూ వారికి జమాబందీ ఉంది. ఇరిగేషన్ వారికి ధవళేశ్వరం ఆనకట్ట ఉంది. ఉపాధ్యాయ మిత్రులకు చెప్పుకోవడానికి శిష్యులున్నారు. ఆబ్కారీ శాఖలో ముప్ఫైమూడేళ్ళు పనిచేసినవాడికి ఏముంది? కల్లు, సారా, కేసులు, కోర్టు వాయిదాలు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారన్న సామెత మా శాఖవాళ్ళను చూసే పుట్టిందేమోనని నా అనుమానం. అయినా ఒక సంగతి చాలాకాలంగా మనసులో ఉండిపోయింది. మిత్రులు నవ్వినా సరే, అదే వ్రాస్తున్నాను.

2017 వేసవిలో నేనూ మా ఆవిడా కాలిఫోర్నియాలో ఉన్న మా అబ్బాయి దగ్గర మూడు నెలలు ఉన్నాం. ఒక శనివారం వాడు నన్ను శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న శాంటారోసా అనే ఊరికి తీసుకువెళ్ళాడు. చుట్టూ ద్రాక్షతోటలు. అక్కడ రష్యన్ రివర్ అనే బీరు కంపెనీ ఉంది. "నాన్నగారూ, సర్వీసంతా ఇతరులు తాగింది పరీక్షించారు. ఇవాళ మీరే తాగి చెప్పండి" అన్నాడు. మా ఆవిడ అటు తిరిగి కూర్చుంది. నా ముందు పెట్టినదాని పేరు టెంప్టేషన్. ద్రాక్షసారాయి నిలవచేసిన ఓకు కర్ర పీపాల్లో నెలల తరబడి మాగబెట్టిన పుల్లని బీరు.

రంగు లేత బంగారం, కొత్తగా ఆడించిన నువ్వులనూనెలాగ. నురగ పలుచన. ముక్కు దగ్గర పెట్టుకుంటే మొదట పచ్చిద్రాక్ష, ఆ వెనుక తడిసిన కర్ర, ఇంకా వెనుక వానకు తడిసిన పశువుల పాక వాసన. ఈ చివరి వాసన చెడిపోవడం వల్ల వచ్చింది కాదట, దాని కోసమే కొందరు డబ్బు పెట్టి కొంటారట. ఒక గుక్క తీసుకున్నాను. పులుపు ముందుగా నాలుక మీద కాదు, దవడల వెనుక పట్టుకుంది. లేత చింతకాయ కొరికినప్పుడు పట్టుకుంటుందే, అలాగ. తీపి అన్నది లేదు. మింగిన తర్వాత వక్క నమిలినట్టు కొద్దిపాటి వగరు, అది కర్ర తాలూకుది. రెండో గుక్కకు నా చేయి ఆగిపోయింది. ఈ పులుపు నాకు తెలుసు. మధ్యాహ్నం రెండు గంటలకు కోనసీమ కల్లుపాకలో తాటాకు దొప్పలో పోసే కల్లు పులుపు ఇది. తెలుపు లేదు, అడుగున మిగిలే తీపి లేదు, గంధకం వాసన లేదు. అయినా ఎముక ఒక్కటే.

అంత పులుపు ఎలా వచ్చిందని అబ్బాయిని అడిగాను. వాడు చెప్పినది ఇది. మామూలు బీరులో మంచి ఈస్టు ఒక్కటే ఉండాలని అన్నీ కడిగి, కాచి, జాగ్రత్తపడతారు. ఇందులో మాత్రం బ్రెట్టనోమైసిస్ అనే మొండి ఈస్టును, పాలను పెరుగు చేసే జాతి బాక్టీరియాను కావాలనే కలుపుతారు. అవి కర్ర రంధ్రాల్లో కాపురం పెడతాయి. బీరు తీసేసినా పీపా లోపల అవి ఉంటాయి, మళ్ళీ నింపితే మళ్ళీ పని మొదలుపెడతాయి. ఈ పద్ధతికి తాతలు బెల్జియం వాళ్ళు. బ్రస్సెల్స్ ప్రాంతంలో లాంబిక్ అనే బీరుకు బయటి ఈస్టు కలపనే కలపరు. కాచిన రసాన్ని రాత్రంతా వెడల్పాటి తొట్టెలో గాలికి వదిలి, పాత పీపాల్లోకి ఎత్తి, ఒకటి నుంచి మూడేళ్ళు ఉంచుతారు. ఎండాకాలం గాలి పనికిరాదని చలినెలల్లోనే కాస్తారు. పీపాను పారేస్తే రుచి పోతుందని వాళ్ళ భయం.

"పాత్రలోనే తోడు ఉంటుంది నాన్నగారూ" అన్నాడు మా అబ్బాయి. ఈ మాట నేను అంతకు నలభై ఏళ్ళ క్రితమే విన్నాను. అప్పుడు నమ్మలేదు.

1977లో నేను కోనసీమలో కొత్త సబ్-ఇన్‌స్పెక్టరును. వయస్సు ఇరవైఆరు, చేతిలో చట్టం పుస్తకం. శిక్షణలో మాకు క్లోరల్ హైడ్రేటు కల్తీ గురించి గట్టిగా చెప్పారు. తెలంగాణ జిల్లాల్లో చెట్లు చాలనిచోట నీళ్ళలో ఆ మందు కలిపి కల్లని అమ్మిన కేసులు చాలా ఉన్నాయి, మనుషులు దానికి అలవాటుపడి పాడైపోయారు. అందుచేత ప్రతి కుండలోనూ నాకు మందే కనిపించేది. ఒక ఉదయం కాలువగట్టు మీద ఒక పెద్దాయన చెట్టు దిగుతుంటే ఆపాను. అరవై దాటినవాడు. నడుముకు మోకు, చేతిలో గీతకత్తి, పక్కన పదకొండు లొట్టీలు. లోపల చూస్తే ఒక్కొక్కదానికీ అంగుళంలో పావువంతు మందాన గోధుమరంగు మడ్డి పట్టి ఉంది.

"ఇదేమిటి?" అన్నాను.

"తోడండి బాబుగారూ. పాలకి తోడెట్టినట్టే. ఇది లేకపోతే కల్లు తిరగదండి."

"కడగవా నువ్వు?"

"నీళ్ళతో తొలుస్తానండి. గీకనండి. మా అయ్య గీకలేదండి."

తండ్రి వయస్సువాణ్ణి నువ్వు అన్నాను. సరే, ఆ రోజుల్లో యూనిఫారం వేసుకుంటే అలాగే ఉండేది. శాంపిలు సీసా నింపి, సీలువేసి, మహజరు వ్రాయించి, ఆ పైన చట్టంలో ఎక్కడా లేని పని ఒకటి చేశాను. పదకొండు లొట్టీలూ గట్టు రాయికేసి కొట్టించాను. పెద్దాయన ఒక్క మాట అనలేదు. పెంకులు ఏరుకుని మూటకట్టుకున్నాడు. పెంకులెందుకని నేను నవ్వాను కూడా.

నెల తర్వాత పరీక్ష రిపోర్టు వచ్చింది. కల్తీ ఏమీ లేదు. ఈలోగా పాక లైసెన్సుదారు వచ్చి, ఆ పెద్దాయన కల్లు వారంరోజులు చప్పగా, తీపినీళ్ళలా ఉందని, తాగేవాళ్ళు పక్క పాకకు పోయారని, ఆ వారం కూలి తను ఇవ్వలేదని చెప్పాడు. నేను రిపోర్టును ఫైలులో పెట్టాను. ఆ ఫైలులో లొట్టీల ప్రస్తావన లేదు.

ఇక చరిత్ర. మన గోదావరి జిల్లాలో కల్లు చరిత్ర అంటే పన్ను చరిత్రే. దానికి మొదటి పెద్ద గుర్తు 1879 రంప తిరుగుబాటు. మన్యంలో కొండరెడ్లు, కోయలు తమకు కావలసిన కల్లు తామే గీసుకునేవారు. వాళ్ళకది పండుగ, పెళ్ళి, చావు అన్నింటిలోనూ ఉండేది, వేసవిలో తిండి కూడా అదే. కొత్త ఆబ్కారీ ఏర్పాట్లు వచ్చి, కల్లు ఆదాయాన్ని గుత్తకిచ్చి, సొంతానికి గీసుకోవడం మీద కట్టడి పెట్టారు. మన్సబుదారు వసూలుచేసే చిగురుపన్ను ఒకవైపు, గుత్తదార్ల మనుషుల జులుం మరొకవైపు. 1879 మార్చిలో మన్యం భగ్గుమంది. పోలీసు ఠాణాల మీద దాడులు జరిగాయి, అది గొలుగొండ, భద్రాచలం వైపుకూ పాకింది. తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య పేర్లు అప్పటివే. అణచడానికి సైన్యం రావలసివచ్చింది, 1880 దాకా పట్టింది. విచారణకు మద్రాసు రెవెన్యూ బోర్డు నుంచి సలివాన్ అనే దొరను పంపారు. మన్సబుదారును తొలగించారు, ఇంటి వాడకానికి కల్లు గీసుకునే హక్కు మళ్ళీ ఒప్పుకున్నారు. అల్లూరి సీతారామరాజుగారి 1922 పోరాటం మనందరికీ తెలుసు. దానికి నలభైమూడేళ్ళ ముందు అదే కొండల్లో ఒక ముంత కల్లు కోసం ఇంత జరిగిందని మా శాఖలోనే చాలామందికి తెలియదు. నేను మారేడుమిల్లి క్యాంపుకు వెళ్ళినప్పుడల్లా జీలుగుచెట్టు చూసి ఈ సంగతి తలచుకునేవాణ్ణి. జీలుగుకల్లు తాటికల్లు కంటే మెత్తన, పులుపు నెమ్మదిగా ఎక్కుతుంది.

1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. చెట్టుపన్ను పద్ధతి స్థిరపడింది. గీసే ప్రతి చెట్టుకూ నంబరు, నంబరుకు ఇంత అని పన్ను, పాకలకు వేలం. అంటే సర్కారు చెట్టును లెక్కపెట్టింది, పాకను లెక్కపెట్టింది, మధ్యలో ఉన్న కుండను చూడలేదు. కుండ కాగితాల్లోకి ఎక్కింది మద్యనిషేధంలోనే. 1937 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టింది. యుద్ధకాలంలో అది ఆగి, స్వాతంత్ర్యం తర్వాత 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతటా వచ్చింది. మన రెండు గోదావరి జిల్లాల్లోనూ కల్లుపాకలు మూతపడ్డాయి. గీతవాళ్ళు బ్రతకాలి గనుక తాటిబెల్లానికీ, నీరాకూ అనుమతులిచ్చారు. లొట్టి లోపల సున్నం పూసి ఉండాలి, అది నిబంధన. సున్నం ఉంటే రసం పులియదు, తీపిగానే దిగుతుంది. సున్నం లేని లొట్టి దొరికితే కేసు. నాకంటే ముందుతరం ఇన్‌స్పెక్టర్లు చెట్టెక్కించి లొట్టీలో వేలుపెట్టి చూసేవారని మా సీనియర్లు చెప్పేవారు. అలా మా శాఖకు కుండంటే అనుమానం నేర్పింది ఆ ఇరవై ఏళ్ళే. నా చేతికి ఆ అలవాటు అక్కడినుంచే వచ్చి ఉంటుంది.

ఈ నిషేధమే ఆంధ్ర రాష్ట్రంలో ప్రభుత్వాన్నీ పడగొట్టింది. నిషేధం ఎత్తివేయాలన్న రామమూర్తి కమిటీ సిఫారసుపై గొడవ ముదిరి, 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తర్వాత 1968 ఎక్సైజు చట్టం, పాకలు తెరవడం, మా ఉద్యోగాలు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో దాని ఎత్తివేత. ఇవి మనమందరం కళ్ళారా చూసినవే, విస్తరించను.

నేను చదువుకోవలసినది మాత్రం వేరే ఉంది. అమెరికా నుంచి వచ్చాక కొన్ని పుస్తకాలు తిరగేశాను. తాటి గెల నుంచి దిగే రసంలో నూటికి పది నుంచి పదిహేను పాళ్ళు పంచదార ఉంటుంది. లొట్టిలో పడుతుండగానే మూడు పనులు ఒకేసారి మొదలవుతాయి. ఈస్టు పంచదారను మత్తుగా మారుస్తుంది. పెరుగు జాతి బాక్టీరియా పులుపునిస్తుంది. జైమోమోనాస్ అనే మరో బాక్టీరియా కూడా మత్తును తయారుచేస్తుంది, దాన్ని 1920లలో లిండ్నర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు మెక్సికోలో కలబందజాతి మొక్కనుంచి తీసే పుల్కే అనే కల్లులో కనిపెట్టాడు. ఆ గింజలేవీ పాకలో ఎవరూ వేయరు. గాలిలో కొన్ని, గీసిన గెల మీద కొన్ని, అన్నింటికంటే ఎక్కువగా నిన్నటి మడ్డిలో ఉంటాయి. మధ్యాహ్నానికి నూటికి నాలుగైదు పాళ్ళ మత్తు, దాంతోపాటు పులుపు. మరుసటిరోజుకు గాలి తగిలి వినిగరు బాక్టీరియా గెలుస్తుంది, కల్లు పోతుంది. శాంటారోసావాళ్ళు పీపాను నిండుగా నింపి గాలిని బయట ఉంచుతారు గనుక వాళ్ళ పులుపు నెలల తరబడి నిలుస్తుంది. మనది ఒక్క పూట. తేడా అంతే. అక్కడ పీపాకు వయస్సు పెరిగితే గౌరవం పెరిగింది, ఇక్కడ లొట్టికి వయస్సు పెరిగితే ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

2018 సంక్రాంతి వెళ్ళాక, తాళ్ళు గీత మొదలైన రోజుల్లో, నేను ఆ కాలువగట్టుకు వెళ్ళాను. గట్టు మీద చెట్లు సగం లేవు. పెద్దాయన పోయి చాలా ఏళ్ళయిందట. ఆయన కొడుకుకే డెబ్బై దగ్గర పడ్డాయి, మోకాళ్ళ నొప్పులతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పాను. గుర్తుపట్టాడు.

"ఆయ్, లొట్టీలు పగలగొట్టించిన బాబుగారు" అన్నాడు. కోపం లేదు, ఊరికే గుర్తు.

తప్పు చేశానండి, అన్నాను. మీ నాన్నగారు చెప్పిన మాట నిజమని ఈమధ్యే తెలిసిందన్నాను. ఆ పెంకులు ఏరుకెళ్ళి ఏం చేశారని అడిగాను.

"నానబెట్టారండి. కొత్త లొట్టీల్లో ఆ నీళ్ళు పోసి, నాలుగు పెంకులు అడుగున వేశారు. వారం పట్టిందండి తిరగడానికి. తర్వాత మామూలే" అన్నాడు.

లోపలికి కేకవేస్తే మనవడు చిన్న ముంతతో తెచ్చిపెట్టాడు. మధ్యాహ్నం ఒంటిగంట అయింది. పులుపు దవడల వెనుక పట్టుకుంది.