రిబ్కా తోడిన నీళ్లు

ఏలూరు చుట్టుపక్కల సండే స్కూలుకు వెళ్లిన పిల్లల్లో రిబ్కా కథ వినని వాళ్లు అరుదు. అబ్రాహాము తన కొడుకు ఇస్సాకుకు పిల్లను చూసి రమ్మని ఇంట్లో పెద్ద సేవకుణ్ని పంపుతాడు. పది ఒంటెలతో బయల్దేరిన ఆ మనిషి పొద్దు వాలే వేళకు ఒక ఊరి బయట బావి దగ్గర ఆగుతాడు. నీళ్లకొచ్చిన ఒక అమ్మాయిని కాస్త దాహం ఇమ్మంటాడు. ఆమె భుజం మీది కడవ దించి ఇస్తుంది. అక్కడితో ఊరుకోకుండా, నీ ఒంటెలక్కూడా తోడి పోస్తానంటుంది. ఆ అమ్మాయే రిబ్కా. తర్వాత ముక్కుపుడక, కడియాలు, పెళ్లి.

చాలామంది టీచర్లు పెళ్లి దగ్గరికి త్వరగా వెళ్లిపోతారు. నిలబడాల్సింది ఒంటెల దగ్గర. ఎడారి దాటి డస్సిపోయి వచ్చిన ఒంటె ఒక్క విడతలో వంద లీటర్ల దాకా తాగగలదు. పది ఒంటెలు, ఒక్క కడవ. గట్టు దిగి ముంచుకోవాలి, ఎక్కి వచ్చి తొట్టిలో పోయాలి, మళ్లీ దిగాలి. ఆ మనిషి చూస్తూ నిలబడ్డాడే తప్ప చెయ్యి వేసినట్టు కథలో ఎక్కడా లేదు. ఇంకొకటి గమనించండి. నువ్వెవరు, ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆమె ఆ మనిషిని ఒక్క ముక్క అడగలేదు. ముందు నీళ్లు పోసింది. ఎవరి అమ్మాయివమ్మా అని అడిగింది అతనే, అదీ ఒంటెలు తాగడం అయ్యాక.

ప్రపంచంలో ఎక్కడున్నా యూదుల బాలబడుల్లో ఈ కథ దాదాపు ఒకే వారంలో వస్తుంది. తోరాను, అంటే మోషే అయిదు గ్రంథాలను, వారానికి కొంత చొప్పున ఏడాదిలో చదివి ముగించి మళ్లీ మొదలుపెట్టడం వాళ్ల ఆచారం. రిబ్కా వంతు మన కార్తీక మాసం ప్రాంతంలో పడుతుంది. ప్రార్థన మందిరంలో పెద్దలు చదివే భాగాన్నే ఆ వారం నాలుగేళ్ల పిల్లలు ఆటగా ఆడతారు. ఒకరు కడవ మోస్తారు, నలుగురు ఒంటెలవుతారు. మంచి టీచరు అప్పుడు వెయ్యవలసిన ప్రశ్న ఒకటుంది: రిబ్కా ఇంకేం చేసి ఉండొచ్చు? లేదు పొమ్మనొచ్చు. ఒక్క గుక్కెడు ఇచ్చి ఇంటికి పోవచ్చు. ఒంటెల సంగతి నీదే అనొచ్చు. ఇన్ని దారులుండగా ఆమె ఒకటి ఎంచుకుంది. రిబ్కాలా మంచిగా ఉండాలమ్మా అని బుగ్గ గిల్లి వదిలేస్తే పిల్లలకు మంచితనం అనే మాట మాత్రమే అందుతుంది. ఇంకేం చేసి ఉండొచ్చని అడిగితే, రేపు పక్క పిల్లాడు రబ్బరు అడిగినప్పుడు తన ముందు కూడా రెండు దారులున్నాయని వాళ్లకే తడుతుంది.

ఈ పద్ధతి వెనక పెద్ద చరిత్ర ఉంది. అయిదో ఏట పిల్లలకు గ్రంథం మొదలుపెట్టాలన్నది దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి మిష్నా అనే యూదు ధర్మశాస్త్ర సంకలనం నాటికే నియమం. అక్షరాల మీద తేనె రాసి నాకించి చదువు మొదలుపెట్టే ఆచారం యూరప్ యూదుల్లో ఉండేది. మనం పళ్లెంలో బియ్యం పోసి ఓనమాలు దిద్దిస్తాం. ఆటతో నేర్పే పద్ధతికి వస్తే, ఫ్రోబెల్ అనే విద్యావేత్త జర్మనీలో 1837లో పిల్లల కోసం ఆట బడి తెరిచి, తర్వాత దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. హీబ్రూ భాషలో నడిచిన మొదటి కిండర్‌గార్టెన్ 1898లో రిషోన్ లెజియోన్ అనే ఊళ్లో మొదలైంది.

మరి ఈ కథలు మన కొల్లేటి గడ్డకు ఎలా వచ్చాయి? యూదులు తేలేదు. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండ్ నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. బౌడెన్ రాతిపని చేసినవాడు, బీర్ చెప్పులు కుట్టినవాడు. చర్చి మిషనరీ సొసైటీ వాళ్లు 1841లో మచిలీపట్నంలో దిగారు, 1854లో ఏలూరులో కేంద్రం పెట్టారు. అలా తాడేపల్లిగూడెం దారి పొడవునా, కొల్లేటి లంకల్లోనూ బడి పక్కన గుడి, గుడిలో సండే స్కూలు వెలిశాయి. నోవహు ఓడ, యోసేపు అంగీ, జమ్ము పొదల్లో పెట్టెలో దొరికిన మోషే తెలుగు పిల్లల నోళ్లలో పడ్డారు. ఆ పాత నిబంధన కథలన్నీ యూదుల తోరాలోవే. మిషను బడిలో మాత్రం అవి క్రీస్తు రాకకు ముందుమాటగా వినిపించేవి.

గుంటూరు వైపు లూథరన్ మిషనుకు పునాది వేసిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు 1842 జూలై 31న గుంటూరు చేరాడు. ఆయన వచ్చింది అమెరికాలోని పెన్సిల్వేనియా నుంచి. అంతకు నాలుగేళ్ల ముందు, 1838లో, అదే రాష్ట్రంలోని ఫిలడెల్ఫియాలో రెబెకా గ్రాట్జ్ అనే యూదు స్త్రీ హీబ్రూ సండే స్కూలు తెరిచింది. రెబెకా అంటే మన రిబ్కాయే. చుట్టూ క్రైస్తవ పిల్లలు ఆదివారం బడికి వెళుతుంటే పేద యూదు పిల్లలకు తమ కథలు తమవిగా చెప్పేవాళ్లు లేరని ఆమె బాధ. ఫీజు లేదు. పాఠం చెప్పేవాళ్లంతా ఆడవాళ్లే. మొదట్లో వాళ్లకు సొంత వాచకం కూడా లేదు. క్రైస్తవ సండే స్కూలు యూనియన్ అచ్చేసిన పుస్తకాలే తెచ్చి, తమకు పనికిరాని జవాబుల మీద కాగితం ముక్కలు అంటించి పిల్లల చేతికిచ్చారు. ఆ కాగితం ముక్కలంటే నాకు ఎంతో గౌరవం. అరువు పుస్తకంలోంచి తమ కథను వెనక్కి తీసుకున్న ఓపిక అది.

సుమారు నూట యాభై ఏళ్ల తర్వాత అలాంటి పనే తెలుగునాట జరిగింది.

ఏలూరు నుంచి విజయవాడ, గుంటూరు దాటి వెళితే చేబ్రోలు వస్తుంది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉన్న ఊరు. ఆ మండలంలోనే కొత్తరెడ్డిపాలెం ఉంది. అక్కడి మాదిగపల్లెలో 1990ల మొదట్లో ఒక చిన్న సినగాగ్, అంటే యూదుల ప్రార్థన మందిరం, వెలిసింది. తమను బెనె ఎఫ్రాయిమ్, అంటే ఎఫ్రాయిము సంతతి, అని చెప్పుకునే కొన్ని పదుల తెలుగు కుటుంబాలు శనివారం అక్కడ కూడతాయి. ఈ దారి వేసినవాళ్లు షముయేలు యాకోబి, సాదోకు యాకోబి అనే అన్నదమ్ములు. ఇద్దరూ క్రైస్తవ వాతావరణంలో పెరిగినవాళ్లే. షముయేలు ప్రచారకుడిగా పనిచేసి, 1980లలో యెరూషలేము వెళ్లి వచ్చి, మన మూలం ఇశ్రాయేలులో ఉందని చెప్పడం మొదలుపెట్టారు. చనిపోయినవాళ్లను పూడ్చడం, గొడ్డుమాంసం తినడం లాంటి మాదిగ అలవాట్లను ఊరు ఏవగించుకుంది. అవే పాత యూదు జీవితపు ఆనవాళ్లని ఆయన వాదన. యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు ఈ సమాజం గురించి 2013లో ఒక పూర్తి గ్రంథమే ప్రచురించారు. మచిలీపట్నంలోనూ ఈ సమాజానికి కొంత ఉనికి ఉంది.

ఇజ్రాయెల్ వీరిని యూదులుగా గుర్తించలేదు. ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రాల్లో ఒకటి కృష్ణా తీరానికి చేరిందనడానికి చరిత్రకారుడు చేత్తో పట్టుకుని చూపించగల ఆధారమూ లేదు. నా మటుకు నాకు అంతకంటే ముఖ్యమైన విషయం ఆ పల్లెలో పిల్లలకు ఏం అందుతోందన్నది. సినగాగ్‌లో పిల్లలు హీబ్రూ అక్షరాలు, పాటలు నేర్చుకుంటారు. వాళ్ల తాతముత్తాతలు సండే స్కూల్లో విన్న కథలే వీళ్లూ వింటారు. అప్పుడు అవి పరాయి దేశపు పవిత్రుల కథలు. ఇప్పుడు ఇంట్లో పెద్దల కథలు. రిబ్కా నానమ్మ వరస అయింది.

ఆ వరస కలవడం చిన్న సంగతి కాదు. తెలుగు పల్లెల్లో మాదిగలకు ఊరి బావి ఎంత దూరమో ప్రత్యేకంగా చెప్పాలా? కడవ పట్టుకుని గట్టు కింద నిలబడితే ఎవరో దయతలచి పైనుంచి వంచి పోసేవాళ్లు, అదీ ఎవరి ఇంటి మనిషివో అడిగాక. 1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఆ గొడవ మొదలైందే మంచినీళ్ల చెరువు దగ్గర, తాము తాగే నీళ్లు పాడు చెయ్యొద్దని అడిగినందుకు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. చేబ్రోలుకు చుండూరు దూరాభారమేమీ కాదు. సినగాగ్ వెలిసింది ఆ రోజుల్లోనే. ఆ నేల మీద, ఆ ఏళ్లలో, నువ్వెవరని అడక్కుండా నీళ్లు పోసిన ఆడపిల్ల కథ మీ ఇంటిదే అని ఒక మాదిగ పిల్లకు చెప్పడాన్ని నేను తేలికగా తీసుకోలేను. నీళ్లు అడుక్కునే చోట కాక, పోసే చోట ఆ పిల్ల నిలబడుతుంది. ఎంచుకునే వంతు ఆమెది.

ఎఫ్రాయిము పేరులోనూ పిల్లలకు తగిన కథ ఉంది. యోసేపుకు ఐగుప్తులో పుట్టిన ఇద్దరు కొడుకుల్లో ఎఫ్రాయిము చిన్నవాడు. చూపు మందగించిన తాత యాకోబు దీవిస్తాడని, పెద్దవాడైన మనష్షేను కుడిచేతి వైపూ చిన్నవాణ్ని ఎడమచేతి వైపూ నిలబెడతాడు యోసేపు. తాత చేతులు అడ్డంగా మార్చి కుడిచెయ్యి చిన్నవాడి తల మీద పెడతాడు. పొరపాటు పడ్డావు నాన్నా అని కొడుకు చెయ్యి పట్టుకోబోతే, నాకు తెలుసు అంటాడు ముసలాయన. పుట్టుకతో వచ్చిన వరస అక్కడ తిరగబడింది. నేటికీ శుక్రవారం సాయంత్రం యూదుల ఇళ్లలో తల్లిదండ్రులు పిల్లల తల మీద చేతులు పెట్టి, మగపిల్లల్ని ఎఫ్రాయిములా మనష్షేలా అనీ, ఆడపిల్లల్ని శారా, రిబ్కా, రాహేలు, లేయాలలా అనీ దీవిస్తారు. కడజాతి అని పిలిపించుకున్న ఇంట్లో ఆ దీవెన ఎంత బరువుగా దిగుతుందో ఊహించుకోండి.

యూదు బాలబోధలో నాకు బాగా నచ్చేది మరొకటి. పెద్దల తప్పులు పిల్లల దగ్గర దాచరు. యాకోబు తండ్రిని మోసం చేశాడు. అన్నలు యోసేపును గోతిలో తోసి అమ్మేశారు. అమ్మేద్దామని సలహా ఇచ్చింది యూదా, యూదులన్న పేరు ఎవరి నుంచి వచ్చిందో ఆ యూదాయే. ఏళ్లు గడిచాక కరువొచ్చి ధాన్యానికి ఐగుప్తు వెళితే, అక్కడ అధికారిగా ఉన్న యోసేపును వాళ్లు గుర్తుపట్టరు. అతను చిన్న తమ్ముడు బెన్యామీను గోనెలో తన వెండి గిన్నె పెట్టించి, దొంగ అని పట్టించి, వీణ్ని బానిసగా ఉంచుకుంటాను, మీరు పొండి అంటాడు. మళ్లీ అదే ఘట్టం. మళ్లీ తండ్రికి ముద్దుల కొడుకు, మళ్లీ వదిలించుకునే అవకాశం. ఈసారి యూదా ముందుకొచ్చి, తమ్ముణ్ని పంపించి నన్ను ఉంచుకో అంటాడు. అదే పరిస్థితి ఎదురై, అదే తప్పు చేసే వీలుండి కూడా చేయకపోవడమే పూర్తి పశ్చాత్తాపమని 12వ శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ చెప్పాడు. నాలుగేళ్ల పిల్లలకు మైమోనిడీస్ పేరు అక్కర్లేదు. నిన్న కొట్టినవాడికి ఇవాళ మళ్లీ చెయ్యెత్తే అవకాశం వస్తుందనీ, దించుకోవచ్చనీ తెలిస్తే చాలు. సండే స్కూళ్లలో యోసేపు కథ తరచూ యోసేపు గెలుపు దగ్గరే ఆగుతుంది. యూదా మారడం దాకా వెళ్లే టీచరు దొరికితే ఆ పిల్లలు అదృష్టవంతులు.

దేశి భాషల్లో ఈ కథలు చెప్పుకోవడం భారతీయ యూదులకు కొత్త కాదు. కొచ్చిన్ ఆడవాళ్లు మలయాళంలో పాటలు కట్టి నోటు పుస్తకాల్లో రాసుకుని పెళ్లిళ్లలో, పండగల్లో పాడేవారు. కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ వాళ్లు 19వ శతాబ్దం చివర్లో మరాఠీ కీర్తన పద్ధతిలోనే అబ్రాహాము, యోసేపుల చరిత్రలు పాడారు. అది మన హరికథకు అక్కచెల్లెలి లాంటిది. హరికథకు పేరొందిన ఆదిభట్ల వారి రాష్ట్రంలో చిడతలు పట్టుకుని రిబ్కా కథ చెప్పేవాళ్లు పుట్టకపోరు.

కొల్లేటి లంకల్లో ఆ కథకు కావలసిన సరంజామా అంతా ఉంది. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన మహా సరస్సు చుట్టూ ఉన్నా, చేపల చెరువుల మురుగు కలిసి ఆ నీరు తాగేందుకు పనికిరాక, చాలా ఇళ్లు వాటర్ టిన్ను కొనుక్కుంటున్నాయి. ఎండాకాలం సెలవుల బైబిలు బడిలో (వీబీఎస్‌లో) లంక పిల్లల్ని, రిబ్కా దగ్గర ఒక్క టిన్నే ఉంటే ఏం చేసేదని అడిగి చూడండి. వాళ్ల జవాబులు ఏలూరు టౌను పిల్లల జవాబుల్లా ఉండవు.

అడగడాన్ని యూదులు ఏకంగా పండగే చేశారు. ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడిన రోజును తలుచుకునే పస్కా రాత్రి, భోజనాల బల్ల దగ్గర అందరికన్నా చిన్నవాళ్లు ప్రశ్నలు వెయ్యాలి: ఈ రాత్రి మిగతా రాత్రుల్లా ఎందుకు లేదు? మేం బానిసలుగా ఉండేవాళ్లం అని పెద్దలు జవాబు మొదలుపెట్టాలి. కొత్తరెడ్డిపాలెంలో ఆ జవాబు చెప్పవలసిన తాతల్లో కొందరు పాలేరుతనం చేసినవాళ్ల కొడుకులు. ఐగుప్తు కథ చెబుతుండగా మనవడు ఇంకో ప్రశ్న వేస్తే, చేబ్రోలు పొలాల కథ కూడా వాళ్లే చెప్పాలి.